ఫైరింగ్ దినం ముచ్చట: గ్రూపింగా, స్కోరా?

చెల్లె: నమస్తే అందరికి. పోయినసారి మాటిచ్చినట్టే, ఆదివారం నాడు ఫైరింగ్ రేంజ్‌ల ఏమేం అయ్యిందో ఇయ్యాల పొద్దుగాల నుంచి పొద్దుమూకేదాక వరుసగ చెప్పుకుందం. వరుసగ, అన్నా. విన్నవా?

అన్న: విన్న. వరుసగనే చెప్త. నడుమల వేరే ముచ్చట తీయ.

చెల్లె: అసలే తీయకు.

అన్న: సరే. ఎన్‌సీసీ పిల్లలకు .22 ఫైరింగ్ ఉండె. వరంగల్ కాడి మామునూరు దిక్కు మనం చేరేసరికి మంచు ఇంక తేలలే. ముందుగాల ఎర్రజెండా ఎక్కిచ్చిన్రు. జెండా కనవడ్డదంటే ఆ దిక్కు మనిషి పోవద్దు, గొడ్డు పోవద్దు. 25 మీటర్ల కాడ టార్గెట్లు, వాటెనుక మట్టికట్ట. పిల్లలు దరీ మీద బోర్ల పండుకొని కొట్టాలె. మనిషికి ఐదు తూటలు. అయినంక ఖాళీ ఖోకాలు, అంటే పేలిన తూటల డొప్పలు, లెక్కవెట్టి అప్పజెప్పాలె. ఒక్కటి తక్కువున్నా అందరు గడ్డిల దేవులాడుడే.

చెల్లె: మొదటి డీటెయిల్‌ల, అంటే మొదలు కొట్టే జట్టుల, ఒక పిల్లగాడు...

అన్న: ఆ ముచ్చట నన్ను చెప్పనియ్యి. ఆదివారం సంది నా కడుపుల మంట అదే. ఆ పిల్లగానియి ఐదుట్ల ఒక్కటి నట్టనడుమ తగిలింది. మిగిలినయి? ఒకటి మీది మూలకు, ఒకటి కిందికి, రెండు కాయితం అంచుకు. అయినా చప్పట్లే చప్పట్లు. పక్క టార్గెట్ ఒక ఆడపిల్లది. నర్సంపేట దిక్కు నుంచి ఫస్టు బస్సుకు వచ్చిందట. ఆమె ఐదు తూటలు ఎడమదిక్కు కింద పడ్డయి. మీద అగ్గిపెట్టె వెడితే ఐదు దాగుతయి. నడుమ మాత్రం ఒక్కటి లేదు. "అయ్యో, ఒక్కటన్న తగలలే" అన్నరు అందరు!

చెల్లె: ఆమె ముఖం చిన్నవోయింది.

అన్న: పోదా మరి? ఆ పొద్దు రేంజ్‌ల అందరికన్న మంచిగ కొట్టింది ఆమెనే. ఐదు ఒక్కకాడ పడ్డయంటే ఏంది అర్థం? ఐదుసార్లు ఊపిరి ఒక్కతీర్గ ఆపింది. ఐదుసార్లు చెంప ఒక్కకాడనే ఆనిచ్చింది. ఐదుసార్లు ట్రిగ్గర్ గుంజకుంట మెల్లగ ఒత్తింది. గ్రూపింగ్ అంటే అది. సైటు, అంటే రైఫిల్ మీద గురి చూసేది, జర జరిపితే ఆ ఐదు కలిసి నడుమకు వస్తయి. ఆ పిల్లగానికి ఏం జరుపుతవ్, చెప్పు?

చెల్లె: నీ మాట సగం ఒప్పుకుంట.

అన్న: సగమేనా?

చెల్లె: సగమే. ఒలింపిక్ తీరు మ్యాచ్‌ల గ్రూపింగ్ ఎవ్వలు కొలువరన్నా, స్కోరే లెక్క. ఎయిర్ రైఫిల్‌ల మొదలు సైటర్లు ఉంటయి, లెక్కకు రాని షాట్లు. అవెందుకిస్తరు? గుండ్లు ఏడ పడుతున్నయో చూసుకొని సైటు జరుపుకునేటందుకే. వెనక సైటుకు రెండు తిప్పేటియి ఉంటయి. ఒకటి మీదికి కిందికి, ఒకటి కుడికి ఎడమకు. ఎన్ని క్లిక్కులు తిప్పితే ఎంత జరుగుతదో షూటర్‌కే తెల్వాలె. "తప్పు నీది కాదు, సైటుది" అని పిల్లలకు అలవాటు చేస్తే సైటు పట్టుకునుడు ఎప్పుడు నేర్సుకుంటరు?

అన్న: క్యాడెట్ల చేతికి సైటు ఎవ్వలిస్తరు? ఒక్క రైఫిల్ తోటి ఇంతమంది కొడితే, ఒక్కొక్కల కన్ను ఒక్కతీరు, ఒక్కొక్కల మెడ ఒక్కతీరు. ఎంపీఐ, అంటే తూటలు పడ్డ జాగల నట్టనడుమ, చూసి చెప్పుడు ఇన్‌స్ట్రక్టర్ పని. చప్పట్లు కొట్టుడు కాదు.

చెల్లె: ఆ పిల్ల విషయంల నువ్వన్నది నిజమే. నేను అనేది నీ సూత్రం గురించి. 2008 బీజింగ్ ఒలింపిక్స్ ఎయిర్ రైఫిల్ యాది చేసుకో.

అన్న: అభినవ్ బింద్రా!

చెల్లె: బింద్రా కాదు, నారంగ్. 60 షాట్ల క్వాలిఫికేషన్‌ల బింద్రా 596, గగన్ నారంగ్ 595. ఒక్కటంటే ఒక్క పాయింటు తేడా. ఒకలు ఫైనల్‌కు పోయి 700.5 తోటి బంగారం తెచ్చిన్రు. ఇంకొకలు అదే 595 కొట్టినోళ్ల తోటి సమానమై, సమానమైనోళ్లల్ల ముందెవ్వలో తేల్చే కౌంట్‌బ్యాక్‌ల ఫైనల్ బయటనే ఆగిన్రు. హైదరాబాద్‌ల పెరిగిన మనిషి. నాలుగేండ్లు ఓపిక వట్టి లండన్‌ల కాంస్యం తెచ్చుకున్నడు. ఆ నాలుగేండ్లు స్కోరే పెట్టింది, గ్రూపింగ్ కాదు.

అన్న: ఇగో, నువ్వే నా దారికి వచ్చినవ్. అప్పుడు క్వాలిఫికేషన్‌ల పూర్తి అంకెలు. నట్టనడుమ దిగిన గుండు పదే, అంచును గీకిన గుండు పదే. 10 మీటర్ల టార్గెట్‌ల పది చుక్క ఎంత? అర మిల్లీమీటర్. గుండు నాలుగున్నర మిల్లీమీటర్లు. అంచు తాకితే చాలు, పది. 2013 సంది ఎయిర్ రైఫిల్‌కు దశాంశం వచ్చింది. 10.0 ఒక లెక్క, 10.9 ఒక లెక్క. అంటే గుండ్లు ఎంత దగ్గర దగ్గర పడితే అంత స్కోరు. గ్రూపింగే స్కోరయింది!

చెల్లె: నడుమ పడితేనే అయితదన్నా! ఎడమదిక్కు కింద ఎంత దగ్గర పడ్డా తొమ్మిదే వస్తది, ఎనిమిదే వస్తది. అయినా అన్నిట్ల దశాంశం రాలే. 50 మీటర్ల త్రీ పొజిషన్స్‌ల చూడు. మోకాలు మీద 20, పండుకొని 20, నిలవడి 20. 2024 పారిస్ ఒలింపిక్స్‌ల గూడ క్వాలిఫికేషన్ పూర్తి అంకెలే. స్వప్నిల్ కుసాలె 590 తోటి ఏడోస్థానంల లోపలికి పోయి, ఫైనల్‌ల 451.4 తోటి కాంస్యం తెచ్చిండు.

అన్న: అప్పుడు రైల్వే టికెట్ కలెక్టర్. నేను కాజీపేట జంక్షన్ కాడ పుట్టి పెరిగినోన్ని. రైల్వే మనిషి మెడల ఒలింపిక్ పతకం చూస్తే నాకెట్లుంటదో చెప్పరాదు.

చెల్లె: ఆ దినం నువ్వు నాకు ఫోన్ చేసినవ్. మాట రాలే.

అన్న: రాలే. అదే పారిస్‌ల ఎయిర్ రైఫిల్‌ల అర్జున్ బబూటా నాలుగోస్థానం. ఆయన పేరు గూడ చెప్పాలె. మూడోస్థానం దాక అందరికి యాదుంటది. నాలుగోస్థానం వెనుక గూడ అన్నేండ్ల ఊపిరి ఉంటది.

చెల్లె: ఉంటది. సరే, మనం ఇంక మొదటి డీటెయిల్ కాడనే ఉన్నం.

అన్న: ఒక్కటే ఒక్కటి చెప్పి జరుగుత. గ్రూపింగ్ చదువుడు వస్తే పిల్లలకు సగం పాఠం వచ్చినట్టే. తూటలు నిలువుగ, ఒకదాని మీద ఒకటి పడ్డయా? ఊపిరి చూసుకోవాలె, ఒకసారి నిండుగ తీసుకొని, ఒకసారి ఇడిచిపెట్టి కొడుతున్నరన్నట్టు. అడ్డంగ సాగినయా? ట్రిగ్గర్ పక్కకు గుంజుతున్నరు, లేకుంటే ఒళ్లు టార్గెట్‌కు సక్కగ లేదు.

చెల్లె: ఒళ్లు సంగతి నేను చెప్త, ఇది అందరికి పనికొస్తది. పొజిషన్ తీసుకున్నంక కండ్లు మూసుకోవాలె. రెండుసార్లు ఊపిరి తీసి ఇడువాలె. కండ్లు తెరిస్తే సైటు ఏడ నిలిచిందో చూడాలె. టార్గెట్‌కు పక్కకు పోతే చేతుల తోటి గుంజి తేవద్దు. గుంజినవంటే ప్రతి షాట్‌కు కండరం కొట్లాడుతది, అలిసిపోతది. పండుకొని కొట్టేటప్పుడు ఎడమ మోచెయ్యి కదిలియ్యకుంట నడుము జరుపాలె, మొత్తం ఒళ్లు తిరుగుతది. ఆదివారం నాడు ఇది నేను ఆ నర్సంపేట పిల్లకే చూపెట్టిన. వెంటనే పట్టుకున్నది.

అన్న: పట్టుకుంటది. గ్రూపింగ్ చూస్తనే తెల్వదా!

చెల్లె: మల్ల అదేనా? రెండో డీటెయిల్ సంగతి చెప్పు. అది చెప్పకుంట పోవద్దు.

అన్న: ఆ సంగతికి నాకు ఇప్పటికి చేతులు వణుకుతయి. ఒక పిల్లగాడు, పేరు అక్కర్లేదు, కొట్టుకుంట కొట్టుకుంట ఏదో డౌటొచ్చి వెనుకకు మళ్లిండు. రైఫిల్ చేతులనే ఉన్నది. మూతి మా దిక్కు తిరిగింది.

చెల్లె: అందరం ఒక్కసారి కిందికి వంగినం.

అన్న: ఇన్‌స్ట్రక్టర్ ఒక్క అరుపు అరిచిండు, ఫైరింగ్ బంద్. "ఖాలీ కర్" అన్నడు. ఒక్కొక్క రైఫిల్ బోల్టు తీపిచ్చి, తూట కూసునే చాంబర్‌ల వేలు వెట్టి చూసిండు. నాకు నచ్చిందేందంటే పిల్లగాన్ని కొట్టలే, తిట్టలే. పక్కకు కూసోవెట్టి, సాయంత్రం దాక వేరే డీటెయిల్ల కొట్టుడు చూడుమన్నడు. చిన్న తూట అంటరు. ఆ చిన్న తూట కిలోమీటర్ దాటి పోతది. డౌటొస్తే ఏం చెయ్యాలె? రైఫిల్ మూతి టార్గెట్ దిక్కే ఉండాలె, చెయ్యి లేపాలె, నోటి తోటి పిలువాలె. మెడ తిరిగినా రైఫిల్ తిరుగొద్దు.

చెల్లె: ఎయిర్ రైఫిల్‌ల గూడ అదే. కొట్టుడు ఆపినంక చాంబర్‌ల సేఫ్టీ ఫ్లాగ్ వెట్టాలె. రంగు తీగ లెక్క బయటికి కనవడాలె. అది ఉంటేనే పక్కోనికి భరోసా. ఇంట్ల ప్రాక్టీస్ చేసేటోళ్లు గూడ ఈ అలవాటు ఇడువద్దు.

అన్న: ఇడువద్దు. దయచేసి.

చెల్లె: మధ్యాహ్నం సంగతి.

అన్న: సర్వపిండి తెచ్చిన్రు. ఎవ్వలో చెప్ప. కారం జర ఎక్కువ, నువ్వులు నిండుగ. గంతే.

చెల్లె: చేతులు కడుగకుంట తినబోయిన్రు. నేను అందరి గిన్నెలు గుంజుకున్న. తూటల సీసం ఉంటది, ఎయిర్ రైఫిల్ గుండ్లల్ల సీసం ఉంటది, వేళ్లకు అంటుతది. సబ్బు తోటి కడిగినంకనే ముద్ద. చిన్న పిల్లలున్న ఇంట్ల ఇంక జాగ్రత్త.

అన్న: మధ్యాహ్నం మూడో డీటెయిల్, నాలుగో డీటెయిల్. ఎండ ఎక్కినంక టార్గెట్ కాడ గాలి అలలు అలలుగ ఆడింది, నల్లచుక్క ఊగినట్టే ఉండె. పెద్ద ముచ్చటేం లేదు. సాయంత్రం జెండా దించిన్రు. అయిపాయె.

చెల్లె: వినేటోళ్లు ఒకలు అడిగిన్రు. బిడ్డకు పదమూడేండ్లు, ఎయిర్ రైఫిల్ కొనాలంటే లైసెన్స్ కావాల్నా అని. .177 అంటే నాలుగున్నర మిల్లీమీటర్ల గుండుది, 20 జౌల్స్ లోపు బలమున్నది అయితే 2016 నియమాల లెక్క లైసెన్స్ అక్కర్లేదు. .22 తూట రైఫిల్‌కు మాత్రం కావాలె. కాని అడిగినోళ్లకు ఒక్కమాట, కొనుడు కన్న ముందు ఒక కోచ్ దగ్గరికి తీస్కపోండ్రి. మన ఓరుగల్లు పిల్లలకు ఇప్పటికి గచ్చిబౌలి రేంజే దిక్కయితున్నది, పొద్దుగాల రైలు, రాత్రి రైలు...

అన్న: ఆ సంగతి వేరే మాట్లాడాలె. ఈడ జాగా లేదా? పిల్లలు లేరా? ఆ నర్సంపేట పిల్ల అసొంటోళ్లు ఎంతమంది! 10 మీటర్ల హాలు చాలు మొదలువెట్టనీకి. గోడలు, లైట్లు, గుండ్లు వెనుకకు తిరిగి రాకుంట ఆపే పెట్టెలు. ఆమె గ్రూపింగ్ చూసినంక నాకు...

చెల్లె: అన్నా, కరెంటు పోయింది. ఇన్వర్టర్ కూస్తున్నది. సేవ్ చెయ్యి, సేవ్ చెయ్యి.

అన్న: చేస్తున్న. ఆ టార్గెట్ కాయితం నేను అడిగి తెచ్చిన, నీకు చూపె...