రైలు ఢిల్లీ నుంచి వచ్చినా దారి మన జిల్లా ప్లాన్‌లో ఉండాలి

అందరికీ నమస్కారం. మన ఒడిశా సరిహద్దులో, రాయగడ జిల్లా గుణుపురంలో గానీ గజపతి జిల్లా పర్లాకిమిడిలో గానీ రైలు ప్రస్తావన వస్తే చాలు, రెండు మాటలు వినిపిస్తాయి. "మన మున్సిపల్ చైర్మన్ గట్టిగా పట్టుబట్టి ఉంటే లైను ఎప్పుడో వచ్చేది" అనేది ఒకటి. "రైల్వే అంతా ఢిల్లీ చేతిలో ఉంది, మున్సిపాలిటీ ఏం చేస్తుంది, పంచాయతీ ఏం చేస్తుంది" అనేది రెండోది. రెండూ తప్పే. రెండో మాట వింటే నాకు ఎక్కువ బాధ, ఎందుకంటే అందులో సగం నిజం ఉంది. ఆ సగం నిజాన్ని పట్టుకుని మనం చెయ్యాల్సిన పని మానేస్తున్నాం.

రాజ్యాంగం రైల్వేలను కేంద్ర జాబితాలో పెట్టింది. పట్టాలు ఎటు వెయ్యాలో, ఏ రైలు ఎన్ని గంటలకు నడవాలో కౌన్సిల్ తీర్మానంతో తేలదు. ఇక్కడి వరకూ సరే. మరి స్టేషన్ దాకా రోడ్డు ఎవరిది? బస్సు ఎక్కడ ఆగాలో ఎవరు చెప్పాలి? పట్టాల పక్కన పొలాన్ని ప్లాట్లు చేసి అమ్ముతుంటే ఎవరు ఆపాలి?

వంశధార ఒడ్డున ఉన్నవాళ్ళం కాబట్టి కాలువ లెక్కలో చెబుతాను. పెద్ద కాలువ సర్కారు తవ్విస్తుంది. తూము కూడా సర్కారే పెడుతుంది. తూము నుంచి పొలం దాకా పిల్ల కాలువ మాత్రం రైతులే కూడబలుక్కుని తీసుకోవాలి. తీసుకోకపోతే పెద్ద కాలువలో నీళ్ళు పారుతూనే ఉంటాయి, శివారు పొలం ఎండుతూనే ఉంటుంది. రైలు లైను పెద్ద కాలువ, స్టేషన్ తూము. పిల్ల కాలువ మన పని.

(తెర మీద పాత లైను మ్యాప్: నౌపడ, టెక్కలి, పాతపట్నం, పర్లాకిమిడి, కాశీనగర్, గుణుపురం)

మన లైను పుట్టిందే అలా. 1890లలో ఈస్ట్ కోస్ట్ స్టేట్ రైల్వే పెద్ద లైను సముద్రం పక్కగా నౌపడ మీదుగా పోయింది. పర్లాకిమిడి దానికి సుమారు 40 కిలోమీటర్ల లోపల ఉండిపోయింది. అప్పుడు పర్లాకిమిడి మహారాజు తన సంస్థానం తరఫున రెండున్నర అడుగుల నేరోగేజి లైను వేయించారు. 1900లో రైలు నడిచింది. 1931 నాటికి గుణుపురం చేరింది. దీన్ని అందరూ రాజుగారి గొప్పతనంగా చెప్పుకుంటారు, అది నిజమే. నాకు మాత్రం అందులో ఇంకో సంగతి ముఖ్యంగా కనిపిస్తుంది. తూము నౌపడలో ఉందని తెలిసిన రోజే, అక్కడి నుంచి తన ఊరికి దారి ఎలా తియ్యాలో ఒక స్థానిక పాలన ఆలోచించింది. 2004లో బ్రాడ్‌గేజి పనుల కోసం ఆ లైను మూశారు. గుణుపురానికి పెద్ద రైలు వచ్చేసరికి 2011 అయింది. ఏడేళ్ళు! కొత్త స్టేషన్ ముందు రోడ్డు, బస్సులు, ఆటోల చోటు ఎలా ఉండాలో తీరిగ్గా అనుకోవడానికి ఆ ఏడేళ్ళు చాలు. లైను మూతపడిన కాలమే ప్లాన్ వేసుకునే కాలమని మనకు తట్టలేదు.

ఇప్పుడు రెండో అవకాశం వచ్చింది. 2024 ఆగస్టు 9న కేంద్ర కేబినెట్ ఎనిమిది కొత్త లైన్లకు ఒప్పుకుంది. అందులో గుణుపురం–తెరువలి ఒకటి, 73.62 కిలోమీటర్లు. గుణుపురం నుంచి రాయగడకు ఇవాళ రైల్లోనే పోవాలంటే నౌపడ దిగి, విజయనగరం వెళ్ళి, పార్వతీపురం మీదుగా పైకి రావాలి. 300 కిలోమీటర్లు దాటిపోతుంది. అందుకే ఎవరూ పోరు, బస్సెక్కుతారు. తెరువలి దగ్గర విజయనగరం–రాయపూర్ లైనులో కలిస్తే ఆ చుట్టు తిరుగుడు తప్పుతుంది.

అందరూ సంతోషించే మాట ఇది. నాకు టెన్షన్ పుట్టించేదీ ఇదే. ఎందుకో రైల్వే గేటు దగ్గర చూపిస్తాను.

గేటు మీద వంతెన కావాలని మనం వినతిపత్రం రాస్తాం. రైల్వే వినతిపత్రంతో పాటు ఒక లెక్క అడుగుతుంది. దాన్ని టీవీయూ, అంటే ట్రెయిన్ వెహికల్ యూనిట్ అంటారు. ఒక రోజులో ఆ గేటు దగ్గర పోయే రైళ్ళ సంఖ్యను, దాటే వాహనాల సంఖ్యతో గుణిస్తారు. లక్ష దాటితే వంతెన అడగడానికి గట్టి ఆధారం ఉన్నట్టని రైల్వేలో చాలాకాలంగా ఉన్న కొలమానం. ఉదాహరణకు 20 రైళ్ళు, 5,000 వాహనాలు అనుకోండి, సరిగ్గా లక్ష. అదే గేటు దగ్గర 4 రైళ్ళే పోతుంటే 20,000. వాహనాలు అవే, రోడ్డూ అదే.

మన లైను ఇప్పుడు చివర మూసుకుపోయిన లైను, రైళ్ళు తక్కువ. రేపు తెరువలితో కలిస్తే అది రెండు వైపులా తెరుచుకున్న దారి అవుతుంది, గూడ్స్ బళ్ళూ రావచ్చు. వాహనాలు ఏటా కొంచెం కొంచెం పెరుగుతాయి, రైళ్ళు ఒక్కసారిగా పెరుగుతాయి. గేటు పడితే ఆసుపత్రికి పోయే బండి అక్కడే ఆగుతుంది. వంతెనకు రెండు వైపులా ఏటవాలు రోడ్డు దిగాలంటే చాలా జాగా కావాలి. ఆ జాగాలో ఈలోపే మేడలు లేచిపోతే, డబ్బు మంజూరైనా వంతెన దిగడానికి చోటుండదు. కాలువ గట్టు మీద ఇల్లు కట్టనిచ్చి, తర్వాత కాలువ వెడల్పు చెయ్యమన్నట్టే. ఆ గట్టును ఇప్పుడే ఖాళీగా ఉంచగలిగేది మన మున్సిపాలిటీ, మన పంచాయతీలు, మన జిల్లా యంత్రాంగం. రైల్వే వచ్చి ఉంచదు.

దీనికి చట్టంలో చోటు ఉందా అంటే, ఉంది. రాజ్యాంగంలో 243 జెడ్‌డీ అధికరణం చూడండి. ప్రతి జిల్లాకూ ప్రణాళికా కమిటీ ఉండాలి. సభ్యుల్లో అయిదింట నాలుగు వంతుల మందికి తగ్గకుండా జిల్లా పరిషత్, మున్సిపాలిటీల్లో గెలిచినవాళ్ళ నుంచే ఎన్నుకోవాలి. భూమి వాడకం, మౌలిక వసతులు లాంటి ఉమ్మడి విషయాలను కలిపి ప్లాన్ చెయ్యడమే దాని పని. రైలు వస్తుందని తెలిసిన జిల్లాలో ఆ కమిటీ ప్లాన్ తెరవగానే మొదటి పేజీలో ఈ లైను ఉండాలి. నేను అడిగేది అంతే.

ఇంకో చిక్కు మన సరిహద్దు జిల్లాలకే ప్రత్యేకం. 2025 ఫిబ్రవరిలో కేబినెట్ ఆమోదించిన విభజనలో, నౌపడ–పర్లాకిమిడి ముక్క విశాఖ వైపు, దక్షిణ కోస్తా రైల్వే జోన్‌కు. పర్లాకిమిడి–గుణుపురం ముక్క కొత్త రాయగడ డివిజన్‌కు, తూర్పు కోస్తా రైల్వేలో. ఒకే పిల్ల కాలువకు ఇద్దరు నీరుగంట్లు! ఆంధ్రాలోని పాతపట్నం సంతకు ఇటువాళ్ళు పోతారు, పర్లాకిమిడి బజారుకు అటువాళ్ళు వస్తారు. గజపతి జిల్లా ప్లాన్, శ్రీకాకుళం జిల్లా ప్లాన్ మాత్రం ఒకదాని ముఖం ఒకటి చూడవు. ఇద్దరు కలెక్టర్లు ఏడాదికి ఒక్కసారైనా ఈ లైను కోసం కూర్చోవాలని నేను గట్టిగా నమ్ముతున్నాను.

టైమ్ అయిపోతోంది, మిగతావి గబగబా చెప్పేస్తాను. రాయగడ జిల్లా మొత్తం షెడ్యూల్డ్ ప్రాంతం, అంటే ఆదివాసుల కోసం రాజ్యాంగం ప్రత్యేక రక్షణ ఇచ్చిన ప్రాంతం. అక్కడ భూసేకరణకు ముందు పీసా చట్టం (షెడ్యూల్డ్ ప్రాంతాల పంచాయతీల చట్టం) ప్రకారం సంప్రదింపులు జరగాలి. మీ గ్రామసభకు పోండి, స్టేషన్‌కు దారి ఎటు కావాలో ఆ రోజే మినిట్స్‌లో రాయించండి. అడవి ఉన్నచోట అటవీ హక్కుల సంగతి వేరే ఉంది, దానికి ఇంకో వీడియో చేస్తాను.

చివరగా, ప్రత్యేక రైల్వే ప్రాజెక్టుగా ప్రకటించి రైల్వే చట్టం కింద భూమి తీసుకుంటే, నోటిఫికేషన్ వచ్చాక అభ్యంతరం చెప్పడానికి 30 రోజులే గడువు. సారాంశాన్ని రెండు స్థానిక పత్రికల్లో వెయ్యాలి, ఒకటి ప్రాంతీయ భాషలో ఉండాలి. ఒడిశాలో అంటే ఒడియాలో వస్తుంది. మన తెలుగు రైతుల్లో ఒడియా మాట్లాడేవాళ్ళు చాలామందే, చదవగలిగేవాళ్ళు తక్కువ. కాబట్టి ఇంట్లో ఒడియా మీడియంలో చదివే పిల్లలుంటే పేపరు వాళ్ళ చేత చదివించుకోండి. మీ ఊరి పేరు కనబడితే ప్లాట్ నంబరు రాసుకుని మర్నాడే తహసీల్ ఆఫీసుకు వెళ్ళండి.