మూన తిరిగే దాకా: రోడ్డు మీద పడిన మనిషి మళ్ళీ ఎలా నిలబడతాడు?

[పుష్కర ఘాట్ మెట్లు. ఇంకా తెల్లవారలేదు. దూరంగా రైలు వంతెన మీద దీపాలు.]

నమస్కారమండీ. ఇది రాజమండ్రి పుష్కర ఘాట్. టైమ్ తెల్లవారుజామున నాలుగున్నర. పోయిన వారం ఇదే మెట్ల మీద ఒకాయన పులిహోర పొట్లాలు పంచుతూ నాతో అన్నారు: "రోజూ ఎవరో ఒకరం పెడుతూనే ఉన్నామండీ. తింటారు, మళ్ళీ ఇక్కడే పడుకుంటారు. వీళ్ళకి బాగుపడాలని లేదండీ."

ఆయన చెడ్డవాడు కాదు. సొంత డబ్బుతో వండించి తెచ్చాడు. అలాంటి మనిషే ఆ మాట అనేసరికి నాకు రాత్రంతా నిద్ర పట్టలేదు. అందుకే ఈ వీడియో.

అన్నం పెట్టడాన్ని నేను తక్కువ చేయట్లేదు. గోదావరి వాళ్ళం, ఎలా చేస్తాం? లంకల గన్నవరంలో డొక్కా సీతమ్మ గారు 1909లో కాలం చేశారు. ఇవాళ్టికీ మన వైపు అన్నదానం అనగానే ఆవిడ పేరే తలుచుకుంటాం. కానీ ఒక్క తేడా గమనించండి. ఆవిడ ఇంట్లో భోంచేసిన బాటసారి చెయ్యి కడుక్కుని తన ఊరు వెళ్ళిపోయేవాడు. ఈ మెట్ల మీద తిన్న మనిషి లేచి ఎక్కడికి వెళ్ళాలి? మీ పొట్లం ఆయన ఆకలి తీర్చింది. వెళ్ళడానికి చోటు లేకపోవడం అనేది వేరే సమస్య, దానికి మందు వేరే ఉంది. ఆ మందు ఎలా పనిచేస్తుందో చెబుతాను.

రెండేళ్ళుగా ఆదివారాలు నేను ఇక్కడి ఒక చిన్న స్వచ్ఛంద సంస్థ వాళ్ళ వెంట తిరుగుతున్నాను. పేరు చెప్పొద్దన్నారు. పేరు తెలిస్తే షెల్టర్‌లో ఉన్నవాళ్ళని చూసి పోవడానికి, ఫొటోలు తీయడానికి జనం వస్తారని వాళ్ళ బాధ. అది సబబే అనిపించింది నాకు. అక్కడ పనిచేసే ఒకావిడ ఆలమూరు వైపు రైతుబిడ్డ. కొత్తగా వచ్చిన ఒకాయన గురించి "ఎలా ఉన్నారండీ?" అని అడిగితే ఆవిడ చెప్పిన జవాబు: "ఇంకా మూన తిరగలేదండీ."

నాకు ఆ క్షణంలో మొత్తం అర్థమైంది.

నాట్లు గురించి మీకు నేను చెప్పక్కర్లేదు. ఒక్కటి మాత్రం గుర్తు చేసుకోండి. నారుమడిలోంచి పీకేటప్పుడు నారుకి వేళ్ళు తెగుతాయి. నాటిన రెండో రోజు చేను చూస్తే పసుపు తిరిగి, తల వాల్చేసి ఉంటుంది. వారం పది రోజులు అంతే. ఏ రైతైనా గట్టు మీద నిలబడి "ఈ నారుకి బతకాలని లేదు" అంటాడా? అనడు. నీళ్ళు పలచగా పెట్టి, కొత్త వేరు పట్టేదాకా కాచుకుంటాడు. అదే మూన తిరగడం.

మనిషిక్కూడా వేళ్ళు తెగుతాయి. ఒకాయన గురించి చెబుతాను, పేరు లేకుండా. పెళ్ళి వంటల మేస్త్రి. గాడిపొయ్యి దగ్గర ముప్పై ఏళ్ళు నిలబడ్డాడు. తణుకు, భీమవరం, అమలాపురం... ముహూర్తాలు ఎక్కడుంటే అక్కడికి వెళ్ళేవాడు. రాత్రిళ్ళు వంటపాకలోనో, సామాన్ల గోడౌన్లోనో పడక. సొంత ఇల్లు కట్టుకోలేదు, అవసరం పడలేదు. ఒక రోజు ఎడమ చేయి పడిపోయింది. పక్షవాతం. పని పోయింది, పనితో పాటే పడుకునే చోటూ పోయింది. ఒక్క వారంలో! మనం 'పని చేయని మనిషి' అంటున్న ఆయన మన పెళ్ళిళ్ళలో మనకే వండిపెట్టాడు. ఈ ఘాట్ మీద మూడేళ్ళు ఉన్నాడు.

ఇలాంటివాళ్ళు ఒకరిద్దరు కాదు. 2011 జనాభా లెక్కల్లో ఫిబ్రవరి 28 రాత్రి దేశమంతా తిరిగి ఇళ్ళు లేనివాళ్ళని లెక్కపెట్టారు. 17 లక్షల 70 వేల మందికి పైగా తేలారు. ప్లాట్‌ఫారాల మీద, వంతెనల కింద, గుడి మండపాల్లో, తూముల్లో పడుకునేవాళ్ళు. ఒక్క రాత్రిలో కంటపడినవాళ్ళే అంతమంది.

[దుప్పటి కప్పుకుని పడుకున్న మనుషులు, దూరం నుంచి. ముఖాలు కనిపించకూడదు.]

సంస్థ వాళ్ళు చేసే మొదటి పని ఏంటో తెలుసా? కూర్చోవడం. వ్యాను తెచ్చి ఎక్కించుకుపోవడం కాదు. రాత్రి తొమ్మిది దాటాక ఇద్దరిద్దరుగా స్టేషన్ వైపు, కోటిలింగాల ఘాట్ వైపు వెళతారు. ఫ్లాస్కులో టీ ఉంటుంది. "బాబాయ్ గారూ, టీ తాగుతారా?" అంటారు. మీదే ఊరు, ఎందుకిలా అయ్యారు, పిల్లలు లేరా అని మాత్రం అడగరు. ఆ ప్రశ్నలు వెయ్యి సార్లు విని, వెయ్యి సార్లు తిట్లు తిన్న మనుషులు వాళ్ళు. మన మేస్త్రిగారు పదకొండు రాత్రులు టీ తాగి ఒక్క మాటా మాట్లాడలేదు. పన్నెండో రాత్రి ఆయనే, "ఇందులో అల్లం పచ్చిగా ఉందమ్మా, దంచాక కాసేపు మరగనివ్వాలి" అన్నాడు. అక్కడ మొదలైంది. ఎవరో ఆయన్ని అడుక్కునే మనిషిగా కాకుండా వంట తెలిసిన మనిషిగా విన్నారు.

రెండోది చోటు. పట్టణ నిరాశ్రయుల వసతి కేంద్రం అనే బోర్డు మీరు చూసే ఉంటారు. జాతీయ పట్టణ జీవనోపాధుల మిషన్ కింద పెట్టిన పద్ధతి అది. ఆ పద్ధతి ప్రకారం పట్టణాల్లో లక్ష జనాభాకి కనీసం 100 మందికి కేంద్రాల్లో చోటు ఉండాలి. మనిషికి 50 చదరపు అడుగులు చొప్పున చోటివ్వాలి, ఏడాది పొడవునా 24 గంటలూ తెరిచి ఉంచాలి. ఆ 24 గంటలూ అన్న మాటకి నేను దండం పెడతాను. రాత్రి ఎనిమిదికి తలుపు తీసి పొద్దున్నే ఆరింటికి బయటికి పంపిస్తే మనిషి మళ్ళీ రోడ్డు మీదే కదా! మన వైపు పట్టణాల్లో వీటిని మెప్మా, అంటే పట్టణ పేదరిక నిర్మూలన చూసే ప్రభుత్వ సంస్థ, మున్సిపాలిటీ కలిసి చూస్తాయి, నడపడం చాలాచోట్ల స్వచ్ఛంద సంస్థల చేతిలో ఉంటుంది.

అక్కడ మొదటి మందు నిద్ర. నవ్వుకోకండి, ఇది చాలా పెద్ద విషయం. ఘాట్ మీద పడుకునే మనిషి రెండు గంటలకోసారి లేస్తాడు. లాఠీ చప్పుడు, కుక్కలు, వాన జల్లు, తల కింద పెట్టుకున్న సంచి లాగేసేవాళ్ళు. మూడేళ్ళు అలా గడిపిన మనిషిని రేపే పనికి రమ్మంటే ఎలా వస్తాడు? మేస్త్రిగారు వచ్చిన కొత్తలో మంచం మీద పడుకోలేదు. మంచం పక్కన నేల మీద, చెప్పులు తల కింద పెట్టుకుని పడుకున్నాడు. నాలుగు రోజులు రోజంతా పడుకున్నాడు. నాలాంటి వాలంటీర్ ఒకతను "ఇలాగైతే అలవాటైపోతుందండీ, లేపండి" అన్నాడు. ఆ ఆలమూరు ఆవిడ ఒప్పుకోలేదు. నాటిన మర్నాడే నారుని పీకి చూస్తామా, వేరు పట్టిందో లేదో అని?

ఇక్కడ నారు సంగతి ఇంకొంచెం సాగదీస్తాను. నీళ్ళు ఎక్కువ పెట్టినా నారు చచ్చిపోతుంది. సంస్థలు కొన్ని చేసే తప్పు అదే. రాగానే గుండు, యూనిఫారం, పొద్దున్న ప్రార్థన, సాయంత్రం ఉపన్యాసం, మధ్యలో దాతలతో ఫొటో. ప్రేమతోనే చేస్తారు, కానీ మనిషి అందులో మునిగిపోతాడు. రెండోది, లోతుగా నాటితే పిలకలు సరిగా రావు, పైపైన నాటాలి. మనిషిని అన్ని నిబంధనలతో కూరేస్తే సొంతంగా ఒక్క అడుగు వేయలేడు. మూడోది కాలిబాటలు. చేలో రెండు మీటర్లకోసారి జానెడు బాట వదులుతాం, గాలీ వెలుతురూ ఆడాలని. ఈ షెల్టర్‌లో ప్రతి మనిషికీ తాళం వేసుకునే చిన్న ఇనప్పెట్టె ఇచ్చారు. అందులో ఏముందో ఎవరూ అడగరు. నన్నడిగితే అన్నిటికన్నా మంచి ఖర్చు అదే.

తర్వాత కాగితాలు. ఇక్కడే ఎక్కువమంది ఆగిపోతారు. అడ్రసు లేకపోతే ఆధార్ రాదు, ఆధార్ లేకపోతే బియ్యం కార్డు, పింఛను, బ్యాంకు ఖాతా ఏదీ కదలదు. ఈ ముడి విప్పే దారి నిబంధనల్లోనే ఉంది. గుర్తింపు ఉన్న షెల్టర్ అధికారి ఇచ్చే ధ్రువపత్రంతో ఆధార్ నమోదు చేయించుకోవచ్చు. అంటే షెల్టర్ మంచం ఒక అడ్రసు కూడా అవుతుంది. మేస్త్రిగారికి ముప్పై ఏళ్ళ పొయ్యి వేడికి వేలిముద్రలు అరిగిపోయాయి. కనుపాపలతో నమోదు చేయబోతే తిరస్కరణ వచ్చింది. అందరూ కంగారుపడ్డారు కానీ అది నిజానికి మంచి వార్త: ఆయనకి ఎప్పుడో ఆధార్ తీశారు, నంబరు ఆయన దగ్గర లేదంతే. తప్పిపోయిన మనుషుల ఊళ్ళు ఇలా తిరస్కరణ వల్లే తెలిసిన సందర్భాలు దేశంలో చాలా ఉన్నాయి. పాత నంబరు తీయించాక, వైకల్యం ఎంతుందో డాక్టర్లు పరీక్షించే సదరం శిబిరానికి తీసుకెళ్ళారు, చేతికి వైకల్య సర్టిఫికెట్ వచ్చింది. దివ్యాంగుల పింఛను 2024 నుంచి నెలకి 6 వేలు. ఓటు కూడా ఉంది, తెలుసా? ఇల్లు లేనివాళ్ళు ఎక్కడ పడుకుంటారో చెబితే బూత్ స్థాయి అధికారి రాత్రిపూట వచ్చి చూసి నమోదు చేయాలి. ఎన్నికల సంఘం నిబంధనే ఇది.

[తూర్పున వెలుగు వస్తోంది. స్నానాలకి జనం దిగుతున్నారు.]

జనం వచ్చేస్తున్నారు, మెట్లు ఖాళీ చేయాలి. మిగతాది త్వరగా చెబుతాను, ఒక్కోదానికీ వేరే వీడియో చేయాల్సినంత ఉంది.

మనసు జబ్బు. దయచేసి పిచ్చోడు అనకండి. మనది హౌరా, చెన్నై రైలు మార్గం. ఎక్కడో ఎక్కి ఇక్కడ దిగిపోయినవాళ్ళు, ఒడియా, బెంగాలీ తప్ప ఏమీ రానివాళ్ళు ఉంటారు. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం వందో సెక్షన్ ప్రకారం అలా తిరుగుతున్న మనిషిని పోలీసులు లాకప్‌లో పెట్టకూడదు, 24 గంటల్లో ప్రభుత్వ ఆసుపత్రికి చేర్చాలి. ఇల్లూవాకిలీ లేని మనిషైతే మిస్సింగ్ కేసు రాసి కుటుంబాన్ని వెతకాల్సిన బాధ్యత కూడా స్టేషన్‌దే. సంస్థ మనిషి ఆ చట్టం కాపీ జేబులో పెట్టుకుని తిరుగుతాడు. సలహా కావాలంటే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ నంబరు 14416, తెలుగులో మాట్లాడతారు.

పిల్లలు వదిలేసిన పెద్దవాళ్ళకి 2007 నాటి తల్లిదండ్రుల, వృద్ధుల పోషణ చట్టం ఉంది. ఆర్డీవో దగ్గరి ట్రిబ్యునల్‌కి లాయరు లేకుండానే అర్జీ పెట్టొచ్చు, పెద్దావిడ తిరగలేకపోతే ఆవిడ అనుమతితో సంస్థే పెట్టొచ్చు. నెలకి 10 వేల దాకా మనోవర్తి వేయొచ్చు. చూసుకుంటాడన్న షరతు మీద కొడుక్కి రాసిచ్చిన ఆస్తిని, చూసుకోకపోతే రద్దు చేయమని కూడా అడగొచ్చు. హెల్ప్‌లైన్ 14567. కానీ ఇంటికి పంపేయడమే గెలుపు అనుకోకండి. కొట్టిన ఇంటికి పంపకూడదు. పంపినా ఆరు నెలలు ఫోన్ చేస్తూ, వెళ్ళి చూస్తూ ఉండాలి. ఈ సంస్థలో దీనికి విడిగా ఒక రిజిస్టరే ఉంది.

పని సంగతి: ముందు షెల్టర్ వంటగదిలోనే రోజుకి రెండు గంటలు, కూలి ఇచ్చి. ఊరికే కాదు. ఆ తర్వాత నాలుగు గంటలు, తర్వాత బయట. మేస్త్రిగారు ఒంటిచేత్తో గరిటె తిప్పలేడు. రుచి చూస్తాడు, పాళ్ళు చెబుతాడు, ఇద్దరు కుర్రాళ్ళు తిప్పుతారు. ఇప్పుడు ఒక కర్రీ పాయింట్‌లో ఆయన పని అదే.

మీకెవరైనా కనబడితే మీ మున్సిపల్ ఆఫీసులో మెప్మా వాళ్ళని అడగండి, షెల్టర్ ఎక్కడుందో చెబుతారు. మనిషిని అడక్కుండా ఫొటో తీయొద్దు. 2027లో మళ్ళీ పుష్కరాలొస్తున్నాయి. ఘాట్లు బాగుచేసేటప్పుడు ఈ మెట్ల మీది మనుషులు ఎక్కడికి వెళతారని మీ కార్పొరేషన్‌ని ఇప్పటినుంచే అడగండి. నేను అడుగుతున్నాను.

మేస్త్రిగారి మాట పూర్తి చేసి ఆపేస్తాను. షెల్టర్‌కి దగ్గర్లోనే గది అద్దెకి తీసుకున్నాడు. మొదటి నెల పగలంతా గదిలో ఉండి, రాత్రి పడుకోవడానికి మాత్రం షెల్టర్‌కే వచ్చేవాడు. ఎవరూ "గది ఉందిగా" అనలేదు, చాప వేసేవారు. తర్వాత వారానికి రెండు రాత్రులు వచ్చేవాడు. తర్వాత ఒక వారం అసలు రాలేదు. ఆలమూరు ఆవిడకి భయమేసి నన్ను తీసుకుని వెళ్ళింది. గదికి తాళం. పక్కింటివాళ్ళని అడుగుతుండగా ఆయనే వీధి చివర కనిపించాడు, చేతిలో కొత్తిమీర కట్ట. "పిన్నిగారూ, భోంచేసి వెళ్ళండి" అంటూ చొక్కా పైకెత్తి, మొలతాడుకి కట్టుకున్న తాళంచెవి తీశాడు.