పాత లైనక్స్ లాప్‌టాప్‌లో నెట్ బ్యాంకింగ్ ఓపెన్ కావట్లేదా? ఏ బ్రౌజర్ పనిచేస్తుందో చూద్దాం

అందరికీ నమస్కారం. ఈ రివ్యూ పాత లాప్‌టాప్‌లో ఉబుంటు అనే లైనక్స్ పాత వెర్షన్ పెట్టుకున్నవాళ్ల కోసం. పాటలు, మెయిల్, పేపర్ చదవడం అన్నీ బాగానే నడుస్తుంటాయి, బ్యాంక్ సైట్ దగ్గరికి వచ్చేసరికి మాత్రం "మీ బ్రౌజర్‌కి సపోర్ట్ లేదు" అని ఒక లైన్ వచ్చి ఆగిపోతుంది. కొన్నిసార్లు ఆ లైన్ కూడా రాదు, తెల్ల పేజీ ఒకటి అలా ఉండిపోతుంది. దీని గురించి అడిగేవాళ్లు చాలామంది ఉన్నారు, అందుకే ఇవాళ ఒక పాత మెషీన్ ముందు పెట్టుకుని, దొరికిన బ్రౌజర్లన్నీ దాని మీద వేసి చూపిస్తున్నాను.

ఇది మా బాబాయి లాప్‌టాప్. కోర్ 2 డ్యుయో ప్రాసెసర్, 3 జీబీ ర్యామ్, ఉబుంటు 16.04. బాబాయి మల్కాజిగిరిలో ఉంటారు, రిటైరయ్యారు. పెన్షన్ పడిందా చూసుకోవడం, పిన్ని పేరు మీద ఉన్న ఎఫ్‌డీ రెన్యూ చేయడం, ఊళ్లో తాతయ్యకి డబ్బులు పంపడం, ఇవన్నీ దీంట్లోనే చేసుకునేవారు. ఫోన్‌లో యాప్ పెట్టుకో బాబాయ్ అంటే ఒప్పుకోరు, పెద్ద స్క్రీన్ మీద సున్నాలు సరిగ్గా లెక్కపెట్టుకున్నాకే డబ్బు పంపుతానంటారు. నా దృష్టిలో అది మంచి పద్ధతి, దాన్ని మార్చుకోమని చెప్పే హక్కు ఎవరికీ లేదు. లాగిన్ కావట్లేదని బ్యాంక్ హెల్ప్‌లైన్‌కి ఫోన్ చేస్తే, విండోస్ ఉన్న సిస్టమ్‌లో ట్రై చేయండి సార్ అన్నారట. ఏ బ్యాంక్ అన్నది ఇక్కడ అనవసరం. కానీ ఆ సలహా తప్పు, అది గట్టిగా చెప్పాలి. విండోస్ మీద నడిచే ఫైర్‌ఫాక్స్, లైనక్స్ మీద నడిచే ఫైర్‌ఫాక్స్, రెండూ ఒకే వెర్షన్ అయితే బ్యాంక్ సైట్ రెండింట్లోనూ ఒకేలా తెరుచుకోవాలి. ఇక్కడ పాతబడింది బ్రౌజర్.

మరి బాబాయి అప్‌డేట్ చేయలేదా అంటే, చేస్తూనే ఉన్నారు. ఇదిగో చూడండి, సాఫ్ట్‌వేర్ అప్‌డేటర్ నొక్కుతున్నా, "ఈ కంప్యూటర్‌లో సాఫ్ట్‌వేర్ అంతా అప్ టు డేట్" అంటోంది. చాలామంది ఇక్కడే మోసపోతారు. ఉబుంటు 16.04 వచ్చింది 2016 ఏప్రిల్‌లో, మామూలు అప్‌డేట్లు అయిదేళ్లు, అంటే 2021 ఏప్రిల్‌తో ఆగిపోయాయి. అప్‌డేటర్ సాఫ్ట్‌వేర్ తెచ్చుకునేది ఉబుంటు వాళ్ల గోదాము నుంచి, ఆ తర్వాత దాంట్లోకి కొత్త సరుకు రాలేదు కాబట్టి, ఉన్న సరుకంతా నీ దగ్గర ఉంది అని అది చెప్తోంది, అది నిజమే కూడా. ఇప్పుడు ఫైర్‌ఫాక్స్‌లో హెల్ప్, అబౌట్ ఫైర్‌ఫాక్స్ నొక్కితే వెర్షన్ 88 కనిపిస్తోంది. 2021 ఏప్రిల్ నాటి బ్రౌజర్ అది. అప్‌డేటర్ మాట కాకుండా ఈ వెర్షన్ నంబర్‌ని చూడండి.

అసలు బ్యాంక్ సైట్ ఎక్కడ ఆగుతోందో తెలిస్తే సగం టెన్షన్ పోతుంది, అందుకని ఇక్కడ కొంచెం నిదానంగా చెప్తాను. మొదటిది కనెక్షన్ దగ్గర. మన బ్రౌజర్, బ్యాంక్ సర్వర్ రెండూ మాట్లాడుకునే ముందు ఏ రకం ఎన్‌క్రిప్షన్ వాడాలో ఒప్పుకోవాలి, దాన్నే టీఎల్ఎస్ అంటారు. టీఎల్ఎస్ 1.0, 1.1 పాతబడిపోయాయని 2021 మార్చిలో ఇంటర్నెట్ ప్రమాణాలు రాసే సంస్థ అధికారికంగా పక్కన పెట్టేసింది, బ్రౌజర్లు అంతకు ముందే 2020లో వాటిని వదిలేయడం మొదలుపెట్టాయి. ఇప్పుడు నడిచేవి 1.2, 1.3. అయితే 1.2 ఫైర్‌ఫాక్స్‌లో 2014 నుంచే ఉంది. అంటే మీ బ్రౌజర్ మరీ పురాతనమైతే తప్ప సమస్య ఇక్కడ ఉండదు. ఉంటే మాత్రం పేజీ అసలు తెరుచుకోదు, "సెక్యూర్ కనెక్షన్ ఫెయిల్డ్" అని బ్రౌజరే చెప్తుంది.

రెండోది జావాస్క్రిప్ట్ దగ్గర, అంటే వెబ్ పేజీలని పనిచేయించే ప్రోగ్రామ్ భాష దగ్గర, ఎక్కువమంది ఇరుక్కునేది ఇక్కడే. తాళం గుర్తు వస్తుంది, పేజీ టైటిల్ వస్తుంది, కింద మాత్రం ఏమీ ఉండదు, లేదా లాగిన్ బటన్ నొక్కితే కదలదు. బ్యాంక్ వాళ్లు సైట్‌ని కొత్తగా రాయించినప్పుడు కొత్త జావాస్క్రిప్ట్ మాటలు వాడతారు, పాత బ్రౌజర్‌కి అవి అర్థం కావు. కొన్ని మాటలైతే, మొత్తం ఫైల్‌లో ఒక్కటి అర్థం కాకపోయినా బ్రౌజర్ ఆ ఫైల్‌ని పూర్తిగా పక్కన పడేస్తుంది. ఉదాహరణకి ఆప్షనల్ చైనింగ్ అని ఒకటుంది, ప్రశ్న గుర్తు పక్కన చుక్క పెట్టి రాస్తారు, అది ఫైర్‌ఫాక్స్ 74లో, క్రోమ్ 80లో వచ్చింది, రెండూ 2020లోనివే. మన 88కి అది వచ్చు. కానీ లిస్టులో చివరి వస్తువుని తీసుకునే "ఎట్" అనే పద్ధతి ఫైర్‌ఫాక్స్ 90లో గానీ రాలేదు. ఎఫ్12 నొక్కి కన్సోల్ చూస్తే, ఇదిగో ఎర్ర అక్షరాల్లో అదే చెప్తోంది, ఎట్ అనేది ఫంక్షన్ కాదు అని. ఇంత చిన్న విషయానికి ఒక పెద్దాయన తన ఖాతా తను చూసుకోలేకపోతున్నారు. బ్యాంక్ పేజీలో కనీసం ఏ వెర్షన్ కావాలో ఒక లైన్ రాసి ఉంటే ఎంత బాగుండేది!

మూడోది పేరు అడగడం. బ్రౌజర్ తన పేరు, వెర్షన్, ఏ సిస్టమ్ మీద నడుస్తోంది అన్నీ యూజర్ ఏజెంట్ అనే చిన్న లైన్‌లో సైట్‌కి చెప్తుంది, సైట్ అది చూసి లోపలికి రానివ్వాలా వద్దా అని తేల్చుకుంటుంది. ఇక్కడే ఒక చిట్కా తిరుగుతూ ఉంటుంది, ఆ లైన్ మార్చేసి కొత్త క్రోమ్‌లా కనిపించేలా చేయండి, పనైపోతుంది అని. దయచేసి బ్యాంక్ కోసం ఆ పని చేయకండి. పేరు మార్చినంత మాత్రాన పాత బ్రౌజర్‌కి కొత్త జావాస్క్రిప్ట్ రాదు, సగం తెరుచుకున్న పేజీలో ఓటీపీ దాకా వచ్చి ఆగిపోతే డబ్బు వెళ్లిందో లేదో తెలియక ఇంకా కంగారు. అన్నిటికన్నా ముఖ్యం, 2021 తర్వాత బయటపడిన సెక్యూరిటీ లోపాలన్నీ ఆ బ్రౌజర్‌లో అలాగే ఉంటాయి. బ్యాంక్ తలుపు వేసిందంటే ఆ ఒక్క విషయంలో అది మన మంచికే వేసింది.

సరే, ఇప్పుడు టెస్ట్‌లోకి వద్దాం. ఉబుంటు సాఫ్ట్‌వేర్ సెంటర్‌లో దొరికే క్రోమియం పెట్టి చూశాను, అదీ ఆ పాత గోదాములోదే కాబట్టి అదే తంతు. గ్నోమ్ వెబ్ అనే బ్రౌజర్ తేలిగ్గా ఉంటుంది, చిన్న ర్యామ్‌కి బాగుంటుంది, కానీ దాని లోపల పేజీని గీసే ఇంజిన్ సిస్టమ్ నుంచే తీసుకుంటుంది, సిస్టమ్ పాతదైతే అదీ పాతదే. గూగుల్ క్రోమ్ కొత్త వెర్షన్ ఇంత పాత ఉబుంటుని సపోర్ట్ చేయదు. వీటి మీద ఇంకా సమయం పెట్టను.

పనిచేసింది ఏంటంటే, ఫైర్‌ఫాక్స్ తయారుచేసే మొజిల్లా సైట్ నుంచి నేరుగా దింపుకున్న ఫైర్‌ఫాక్స్. సాఫ్ట్‌వేర్ సెంటర్ జోలికి వెళ్లకుండా, మొజిల్లా వాళ్ల సొంత సైట్‌లో లైనక్స్ 64 బిట్ అని ఉన్న ఫైల్ తీసుకోండి. ఇంకెక్కడా తీసుకోవద్దు, ముఖ్యంగా "మీ బ్రౌజర్ అప్‌డేట్ చేయండి" అని మధ్యలో ఎగిరొచ్చే పేజీల నుంచి అస్సలు వద్దు, అవి చాలావరకు వలలే. దింపిన ఫైల్ మీద రైట్ క్లిక్ చేసి ఎక్స్‌ట్రాక్ట్ హియర్ అంటే ఫైర్‌ఫాక్స్ అనే ఫోల్డర్ వస్తుంది, దాన్ని హోమ్ ఫోల్డర్‌లో పెట్టుకుని, లోపల ఫైర్‌ఫాక్స్ అనే పేరుతోనే ఉన్న ఫైల్‌ని నడపడమే. పాత బ్రౌజర్ పూర్తిగా మూసేశాకే ఇది తెరవండి. ఇన్‌స్టాల్ లేదు, పాస్‌వర్డ్ లేదు, సిస్టమ్‌లో దేన్నీ ముట్టుకోదు. దీనికి సిస్టమ్ నుంచి కావాల్సింది కూడా తక్కువే, జీలిబ్‌సీ, జీటీకే అని సిస్టమ్‌తో పాటే వచ్చే రెండు భాగాలు 2.17, 3.14 లేదా అంతకన్నా కొత్తవి అయితే చాలు, 16.04లో రెండూ ఉన్నాయి. ఉబుంటు 14.04 వాళ్లకి మాత్రం జీటీకే దగ్గర దెబ్బ పడుతుంది, వాళ్లు సిస్టమ్ మార్చాల్సిందే.

ఇందులో నాకు బాగా నచ్చింది, ఫోల్డర్ మన హోమ్‌లో ఉంటుంది కాబట్టి ఇక మీదట ఫైర్‌ఫాక్స్ తనంతట తానే అప్‌డేట్ అవుతుంది, ఉబుంటు కోసం ఎదురుచూడదు. తెరవగానే బుక్‌మార్క్‌లు కనిపించకపోతే భయపడకండి, 2019లో వచ్చిన వెర్షన్ 67 నుంచి ఒక్కో ఫైర్‌ఫాక్స్‌కి బుక్‌మార్క్‌లు, సెట్టింగ్‌లు దాచుకునే ప్రొఫైల్ వేరుగా ఉంటుంది. పాత బ్రౌజర్ నుంచి బుక్‌మార్క్‌లని హెచ్‌టీఎమ్ఎల్ ఫైల్‌గా ఎక్స్‌పోర్ట్ చేసి ఇక్కడ ఇంపోర్ట్ చేసుకుంటే సరిపోతుంది. ఇదిగో, బ్యాంక్ లాగిన్ పేజీ వచ్చింది, తెర మీద కీబోర్డ్ కూడా వచ్చింది, బాబాయి లాగిన్ అయి స్టేట్‌మెంట్ దింపుకున్నారు, ఆ భాగం మీకు చూపించను, అది ఆయన ఖాతా. స్పీడ్ ఎలా ఉందంటే, బ్యాంక్ ట్యాబ్ ఒక్కటే ఉన్నప్పుడు ఇబ్బంది లేదు, పక్కన వీడియో పెడితే మాత్రం మెషీన్ ఆయాసపడుతోంది.

ఇది చేశాక కూడా "కనెక్షన్ సెక్యూర్ కాదు" అని వస్తే, ముందు పైన కుడి మూలన గడియారం నొక్కి తేదీ చూడండి. పాత లాప్‌టాప్‌లలో మదర్‌బోర్డ్ మీద చిన్న బ్యాటరీ అయిపోయి, ఆన్ చేసిన ప్రతిసారీ తేదీ ఏళ్ల వెనక్కి పోతుంది. సైట్ అసలుదేనని బ్రౌజర్‌కి చూపే సర్టిఫికెట్‌కి మొదలయ్యే తేదీ, ముగిసే తేదీ ఉంటాయి కదా, మన గడియారం తప్పితే మంచి సర్టిఫికెట్ కూడా చెల్లనట్టే కనిపిస్తుంది. చాలా మోడల్స్‌లో వాడేది 2032 నంబర్ బటన్ బ్యాటరీ, వాచీలు బాగుచేసే షాపుల్లో కూడా దొరుకుతుంది, కొన్ని లాప్‌టాప్‌లలో వైర్‌తో వస్తుంది కాబట్టి విప్పి చూశాకే కొనండి. హైదరాబాద్‌లో అయితే కోఠిలోనో పార్క్‌లేన్‌లోనో ఇస్తే వేసిపెడతారు.

ఇంకోటి, బాబాయిని నిజంగా భయపెట్టింది ఇది. బ్యాంక్ పేజీ అయితే వచ్చింది కానీ అడ్రస్ మారిపోయి ఉంది, చివర డాట్ బ్యాంక్ డాట్ ఇన్ అని ఉంది, ఇదేదో దొంగ సైట్ అనుకున్నారు. అది దొంగది కాదు. నకిలీ సైట్లని అరికట్టడానికి బ్యాంకులన్నీ 2025 అక్టోబర్ 31 లోపు ఆ అడ్రస్‌కి మారాలని రిజర్వ్ బ్యాంక్ ఆదేశించింది. ఆ పేర్లు ఇచ్చే అధికారం రిజర్వ్ బ్యాంక్ పెట్టిన బ్యాంకింగ్ టెక్నాలజీ సంస్థ ఐడీఆర్‌బీటీకి ఒక్కదానికే ఉంది, అది మన హైదరాబాద్ మాసబ్‌ట్యాంక్‌లోనే ఉంది. ఈ విషయం చెప్తే బాబాయికి ధైర్యం వచ్చింది. మీరు చూడాల్సింది ఏంటంటే, అడ్రస్‌లో https:// తర్వాత వచ్చే మొదటి ఏటవాలు గీతకి (/) ముందు చివరి భాగం సరిగ్గా .bank.in అయి ఉండాలి, మధ్యలో ఎక్కడో బ్యాంక్ అని ఉంటే సరిపోదు. పాత బుక్‌మార్క్ తీసేసి కొత్త అడ్రస్ పెట్టుకోండి. పొరపాటున వివరాలు ఎక్కడైనా ఇచ్చేసి డబ్బు పోతే ఆలస్యం చేయకుండా సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి.

32 బిట్ వాళ్ల సంగతి విడిగా చెప్పాలి. టెర్మినల్, అంటే కమాండ్లు కొట్టే విండో తెరిచి, యునేమ్, స్పేస్, హైఫన్, ఎమ్ (uname -m) అని కొట్టండి. 64 అని వస్తే పైన చెప్పింది మీకు సరిపోతుంది. ఐ686 అని వస్తే మీ లైనక్స్ 32 బిట్. క్రోమ్ 32 బిట్ లైనక్స్‌ని 2016లోనే వదిలేసింది, ఫైర్‌ఫాక్స్ 144తో ఆపేసింది, ఎక్కువకాలం సపోర్ట్ ఉండే 140 ఈఎస్ఆర్ అనే వెర్షన్‌కి మాత్రం కనీసం 2026 సెప్టెంబర్ వరకు సెక్యూరిటీ అప్‌డేట్లు ఇస్తామని మొజిల్లా చెప్పింది. అయితే ఒక్కటి చూసుకోండి, ర్యామ్ తక్కువ ఉందని 64 బిట్ ప్రాసెసర్ మీద 32 బిట్ లైనక్స్ వేసినవాళ్లు చాలామంది ఉన్నారు. ఎల్ఎస్‌సీపీయూ (lscpu) అని కొడితే, ఆప్ మోడ్ అనే లైన్‌లో 64 బిట్ కూడా ఉంటే మీ ప్రాసెసర్‌ది తప్పేం లేదు, 64 బిట్ లైనక్స్ వేసుకోవచ్చు. కోర్ 2 డ్యుయోలన్నీ 64 బిట్‌వే.

బ్రౌజర్ కొత్తదైనా కింద సిస్టమ్ పాతదే కాబట్టి, నా తీర్పు ఏంటంటే ఈ ఫైర్‌ఫాక్స్ పద్ధతి ఇవాళ పెన్షన్ చూసుకోవడానికి చాలు, ఏళ్ల తరబడి దాని మీదే బండి నడపొద్దు. బాబాయి మెషీన్‌కి లైనక్స్ మింట్ 22 అనే ఇంకో లైనక్స్, అందులో తేలికైన ఎక్స్‌ఎఫ్‌సీఈ రకం వేద్దామనుకుంటున్నాను, దానికి 2029 దాకా సపోర్ట్ ఉంది, 2 జీబీ ర్యామ్‌తో నడుస్తుంది, 4 ఉంటే మంచిదని వాళ్లే అంటారు. ముందు పెన్‌డ్రైవ్‌లో వేసి, ఇన్‌స్టాల్ చేయకుండానే దాన్నుంచే బూట్ చేసి, వైఫై దొరుకుతోందా, బ్యాంక్ పేజీ తెరుచుకుంటోందా, ప్రింటర్ పలుకుతోందా చూసుకోండి. ఫోటోలు, కాగితాలు వేరే డిస్క్‌లోకి కాపీ చేశాకే ఇన్‌స్టాల్ అన్న బటన్ నొక్కండి.

మీ లాప్‌టాప్ మోడల్, యునేమ్ ఏం చెప్పింది, ఫైర్‌ఫాక్స్ వెర్షన్ ఎంత, ఈ మూడూ కింద రాయండి, చూసి జవాబిస్తాను. బ్యాంక్ యూజర్ ఐడీ గానీ, అది కనిపించే స్క్రీన్‌షాట్ గానీ మాత్రం ఎవరూ పెట్టకండి.