కడుపు నిండిన పిల్లి ఎందుకు వేటాడుతుంది?

(స్క్రీన్ మీద: తిండి నిండుగా ఉన్న గిన్నె. పక్కనే నేల మీద కొన ఊపిరితో ఎలుక. దాని ముందు కూర్చున్న పిల్లి.)

గిన్నెలో పెట్టింది గిన్నెలోనే ఉంది. పిల్లి మాత్రం బయటికెళ్లి ఎలుకను పట్టుకొచ్చి గది మధ్యలో పడేసింది. పోనీ తింటుందా అంటే అదీ లేదు, కాసేపు అటూ ఇటూ తోసి, వదిలేసి వెళ్లి పడుకుంటుంది. ఇది చూసి కొందరు తిండి సరిపోవట్లేదేమో అని ఇంకాస్త పెడతారు, కొందరు ఎంత క్రూరమైన జంతువో అనుకుంటారు, ఇంకొందరైతే దానికి రెండు తగిలిస్తారు కూడా. ఈ మూడూ ఎందుకు తప్పో ఈ వీడియోలో చూద్దాం.

అసలు విషయం ముందే చెప్పేస్తాను. పిల్లికి ఆకలి వేరు, వేట వేరు. ఆకలి ఉంటే వేట జోరు పెరుగుతుంది, నిజమే, కానీ ఆకలి తీరినంత మాత్రాన వేట ఆగదు. 1976లో రాబర్ట్ ఆడమెక్ అనే పరిశోధకుడు దీన్ని నేరుగా పరీక్షించి చూశాడు. పిల్లులు తమకిష్టమైన తిండి తింటుండగా ఎలుకను వదిలారు. అవి తినడం ఆపి, వెళ్లి ఎలుకను చంపి, తిరిగొచ్చి ఆ తిండే తిన్నాయి!

కొంచెం లెక్క వేస్తే ఇది అర్థమవుతుంది. ఒక చిట్టెలుకలో ఉండేది సుమారు 30 క్యాలరీలు. వేట మీదే బతికే పిల్లికి రోజుకు అలాంటివి ఎనిమిదో పదో కావాలి, పైగా దూకిన ప్రతిసారీ దొరకదు కదా, చాలాసార్లు తప్పించుకుపోతాయి. అలాంటప్పుడు బాగా ఆకలేసే దాకా ఆగి అప్పుడు బయల్దేరే పిల్లి పస్తులుండాల్సిందే. కదిలింది కనబడగానే, కడుపు సంగతి పక్కనపెట్టి దూకిన పిల్లులే బతికాయి, పిల్లల్ని కన్నాయి. మన ఇళ్లలో ఉన్నవి వాటి సంతానమే.

(స్క్రీన్ మీద: ఆఫ్రికా అడవి పిల్లి, పక్కన ఇంటి పిల్లి. రెండింటి నడక ఒకే ఫ్రేములో.)

ఇంటి పిల్లులన్నీ ఆఫ్రికా అడవి పిల్లి నుంచి వచ్చినవే అని 2007లో జన్యు పరిశోధన తేల్చింది. సుమారు 10,000 ఏళ్ల కింద పశ్చిమాసియాలో మనుషులు ధాన్యం నిల్వ చేయడం మొదలుపెడితే, ధాన్యం కోసం ఎలుకలు, ఎలుకల కోసం పిల్లులు వచ్చాయి. అంటే మనం వాటిని దగ్గరికి రానిచ్చిందే ఈ వేట కోసం. జాతుల పేరుతో పిల్లుల్ని పెంచడం చాలావరకు 19వ శతాబ్దం నుంచి వచ్చిన ముచ్చట, అది కూడా ఎక్కువగా బొచ్చు కోసం, రంగు కోసం, ముఖం ఆకారం కోసం. వేట గుణాన్ని తగ్గించాలని పెద్దగా ప్రయత్నించిన వాళ్లు లేరు. అందుకే మెత్తటి దిండు మీద పడుకునే పిల్లిలో కూడా వేటగాడు చెక్కుచెదరకుండా ఉన్నాడు.

ఇప్పుడు వేటను దగ్గర నుంచి చూద్దాం, నాకు అన్నిటికన్నా ఇష్టమైన భాగం ఇదే.

(స్క్రీన్ మీద: నెమ్మదిగా నడిచే వీడియో. ముందుగా చెవులు, తర్వాత పాదాలు, చివరికి మీసాలు.)

మొదటి పని చెవులది. శబ్దం ఎంత సన్నగా ఉందో కిలోహెర్ట్జ్‌లలో కొలుస్తారు. మనకు 20 కిలోహెర్ట్జ్ దాటితే ఏమీ వినబడదు, పిల్లికి సుమారు 85 దాకా వినబడుతుంది. ఎలుకలు ఒకదాంతో ఒకటి చేసే సన్నటి చప్పుళ్లు చాలావరకు ఆ మధ్యలోనే ఉంటాయి, కాబట్టి మీకు ఏమీ లేదనిపించే మూల వైపు మీ పిల్లి అదే పనిగా చూస్తోందంటే దానికి నిజంగానే ఏదో వినబడి ఉండొచ్చు. తర్వాత నక్కి నడవడం. పొట్ట నేలకు ఆనించి, తల ఏమాత్రం పైకీ కిందకీ ఊగకుండా, ముందు పాదం ఎత్తిన చోటే దాదాపుగా వెనక పాదం వేస్తూ కదులుతుంది. గోళ్లు లోపలికి ముడుచుకుని ఉంటాయి, అందుకే అడుగుల చప్పుడు ఉండదు, గోళ్ల పదునూ అరగదు. ఎర ఇటు తిరిగితే ఉన్నచోటే బిగుసుకుపోతుంది, తోక కొస ఒక్కటే కదులుతుంది.

దూకాక జరిగేది ఇంకా ఆశ్చర్యం. పిల్లి కళ్లు మసక వెలుతురులో అద్భుతంగా పనిచేస్తాయి కానీ, ముక్కుకు ఒక అడుగు లోపల ఉన్నది వాటికి స్పష్టంగా కనబడదు. అంటే ఎలుక నోటి దగ్గరికి వచ్చే సరికి చూపు మసకబారుతుంది. అప్పుడు మీసాలు ముందుకు వచ్చి ఎరను చుట్టుకున్నట్టు తాకుతాయి, ఎటు కదులుతోందో వాటితోనే తెలుసుకుంటుంది. ముందు కాళ్ల వెనక వైపు, మణికట్టు దగ్గర కూడా అలాంటి మీసాలు ఉంటాయి, ఈసారి చూడండి. ఆఖరికి మెడ వెనక కాటు. కోరపన్ను రెండు వెన్నుపూసల మధ్య దిగి వెన్నుపామును తెంపేస్తుంది. కోరల మొదట్లో స్పర్శ తెలిసే నరాలు ఉంటాయి, అందుకే చూడకుండానే పన్నును సరైన చోట దించగలుగుతుంది.

ఇక పిల్లికి చెలగాటం, ఎలుకకు ప్రాణసంకటం అంటాం కదా. ఎలుక వైపు నుంచి ఆ మాట నూటికి నూరు పాళ్లు నిజం. పిల్లి వైపు నుంచి చూస్తే మాత్రం అందులో భయం కూడా ఉంది. మూలకు దొరికిన పెద్ద ఎలుక తిరగబడి కరుస్తుంది, కన్ను పోవచ్చు. ఒంటరిగా వేటాడే నాలుగు కిలోల జంతువుకు గాయమంటే రేపటి తిండి లేనట్టే. అందుకే పంజాతో కొట్టి, వెనక్కి జరిగి, మళ్లీ కొట్టి, ఎలుక అలసిపోయే దాకా ముఖం దగ్గరికి రానివ్వదు. ఎర పెద్దదయ్యే కొద్దీ పిల్లి చంపడానికి జంకుతుందని, ఆకలి పెరిగే కొద్దీ త్వరగా చంపేస్తుందని 1979లో మాక్సీన్ బిబెన్ చేసిన పరిశోధనలో తేలింది.

వేట కోపంతో చేసే పని కూడా కాదు. వీపు వంచి, బొచ్చు లేపి, బుస్సుమనడం భయంతో తనను తాను కాపాడుకోవడానికి చేసే పని. వేటలో అవేవీ ఉండవు, అంతా నిశ్శబ్దం. ఈ రెండూ మెదడులో వేర్వేరు చోట్ల నుంచి నడుస్తాయని 1960లలోనే పిల్లుల మీద చేసిన ప్రయోగాల్లో బయటపడింది. కాబట్టి ఎలుకను తెచ్చినందుకు కొడితే అది నేర్చుకునేది ఒక్కటే, మీరంటే భయం. దయచేసి కొట్టకండి.

అలాగని బయట తిరిగే పిల్లులు పక్షులకు చేసే నష్టాన్ని నేను తేలిగ్గా తీసుకోను. అమెరికాలోని జార్జియాలో పిల్లుల మెడకు చిన్న కెమెరాలు కట్టి చూస్తే, అవి పట్టిన వాటిలో పావు వంతు కూడా ఇంటికి తేలేదు, సుమారు సగం పట్టిన చోటే వదిలేశాయి. మీకు కనబడింది ఒకటైతే కనబడనివి చాలానే ఉంటాయన్నమాట.

మరి ఏం చేయాలి? ఇంగ్లండ్‌లోని ఎక్సెటర్ యూనివర్సిటీ వాళ్లు 355 పిల్లుల మీద చేసిన పరిశోధన 2021లో వచ్చింది. మాంసం ఎక్కువగా ఉన్న తిండి పెడితే ఇంటికి తెచ్చే వేట 36 శాతం తగ్గింది. రోజుకు 5 నుంచి 10 నిమిషాలు ఆడించినా 25 శాతం తగ్గింది. కొట్టక్కర్లేదు, తిట్టక్కర్లేదు, పది నిమిషాలు చాలు!

(స్క్రీన్ మీద: కర్రకు దారంతో కట్టిన ఈక బొమ్మ. సోఫా కిందికి మెల్లగా జారుతోంది.)

కాకపోతే ఆడించే తీరు ముఖ్యం. బొమ్మను పిల్లి ముఖం మీదికి ఊపుతుంటారు చాలామంది, ఏ ఎలుకైనా పిల్లి మీదికి వస్తుందా? దూరంగా పారిపోవాలి, చాటుకు వెళ్లాలి, మధ్యలో ఆగిపోవాలి. కాసేపటికి ఆసక్తి తగ్గితే విసుగనుకోకండి, బొమ్మ మార్చి చూడండి, మళ్లీ లేస్తుంది. అప్పుడప్పుడు దొరకనివ్వాలి కూడా, ఉత్త లేజర్ చుక్కతో ఆడిస్తే దానికి పట్టుకోవడానికి ఏమీ ఉండదు. చేతివేళ్లను బొమ్మలా ఊపకండి, ఈ రోజు పిల్ల కూన కొరికితే ముద్దుగానే ఉంటుంది, ఏడాదికి అదే కాటు రక్తం తెప్పిస్తుంది. తెల్లవారుజామున మీ కాళ్ల మీద దూకే పిల్లి అయితే రాత్రి పడుకునే ముందు బాగా ఆడించి, వెంటనే తిండి పెట్టండి, చాలా పిల్లులు తిని పడుకుంటాయి.

ఆట అయ్యాక దారం ఉన్న బొమ్మను మాత్రం బీరువాలో పెట్టేయండి. పిల్లి నాలుక మీది ముళ్లు లోపలి వైపుకు తిరిగి ఉంటాయి, దారం ఒకసారి నోట్లోకి వెళ్తే ఉమ్మడం కష్టం, మింగేస్తే పేగుల్ని కోసేస్తుంది. నోట్లో నుంచో వెనక నుంచో దారం వేలాడుతుంటే లాగకండి, అలాగే డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లండి.