లాగుడు కావాలంటే ఏ క్యామ్ వేయాలి?

ఒంగోలు, కందుకూరు, కనిగిరి నుంచి వచ్చిన మెకానిక్ అన్నలకు, తమ్ముళ్లకు నమస్కారం.

ఇవాళ మాట్లాడేది క్యామ్ గురించి, అంటే ఇంజను వాల్వులను తెరిచి మూసే గుబ్బల షాఫ్టు గురించి. మన షెడ్డుకొచ్చేవి రేసు బళ్లు కావు. పాతిక కిలోల రొయ్యల మేత బస్తాలు రెండు కట్టుకుని గుంట కట్ట మీద పోయే బళ్లు, ఇద్దరినెక్కించుకుని దోర్నాల దాటి శ్రీశైలం ఘాట్ ఎక్కే బళ్లు, చీమకుర్తి రోడ్డులో గ్రానైట్ లారీని దాటాల్సిన బళ్లు. బుల్లెట్ అయితే వీటి పనంతా 2000 నుంచి 4000 ఆర్‌పీఎం లోపలే. "పెద్ద క్యామ్ వేయన్నా, బండి లాగాలి" అన్న కుర్రాడి మాట విని వేశామంటే, అక్కడ ఉన్న లాగుడు కూడా పోతుంది.

క్యామ్ కొనేటప్పుడు అందరూ లిఫ్ట్ (వాల్వు తెరుచుకునే ఎత్తు) ఎంతని అడుగుతారు. ముందు అడగాల్సింది ఇన్‌టేక్ వాల్వు ఎప్పుడు మూసుకుంటుందని. పిస్టన్ కింది చివరికి వచ్చి మళ్లీ పైకి లేస్తున్నా ఇన్‌టేక్ కొంతసేపు తెరిచే ఉంటుంది. స్పీడు మీద లోపలికొచ్చే గాలికి ఊపు ఉంటుంది కాబట్టి ఆ కాస్త సమయంలో ఇంకొంత నిండుతుంది. తక్కువ ఆర్‌పీఎంలో ఆ ఊపు ఉండదు. పిస్టన్ గాలి, పెట్రోలు మిశ్రమాన్ని వెనక్కి, కార్బొరేటర్‌లోకి తోసేస్తుంది.

లెక్క చూద్దాం. 346 సీసీ యూసీఈ (యూనిట్ కన్‌స్ట్రక్షన్ ఇంజన్) బుల్లెట్‌లో స్ట్రోక్, అంటే పిస్టన్ కింది నుంచి పైదాకా కదిలే దూరం, 90 మి.మీ. కంప్రెషన్, అంటే మిశ్రమాన్ని ఎన్నో వంతుకు కుదిస్తుందన్నది, 8.5. పిస్టన్ కింది చివర దాటాక క్రాంక్ 40 డిగ్రీలు తిరిగిన దగ్గర ఇన్‌టేక్ మూసుకుంటే అప్పటికి పిస్టన్ లేచింది సుమారు 8 మి.మీ. 60 దగ్గర మూసుకుంటే సుమారు 18 మి.మీ. అంటే నిజంగా కుదించేది మొదటిదాంట్లో 82 మి.మీ., రెండోదాంట్లో 72. 8.5 అని రాసుకున్న కంప్రెషన్ మొదటిదాంట్లో 7.8, రెండోదాంట్లో 7. కిక్ కొడితే కాలికే తెలుస్తుంది. అందుకని లాగుడు కోసం డ్యూరేషన్ (వాల్వు తెరిచి ఉండే డిగ్రీలు) తక్కువ, లిఫ్ట్ మాత్రం కాస్త ఎక్కువ ఉన్న క్యామ్ చూడండి. రెండు క్యామ్‌లను పోల్చేటప్పుడు రెండింటి డ్యూరేషనూ 1 మి.మీ. లిఫ్ట్ దగ్గర కొలిచిందే అయ్యుండాలి. ఒకటి సీటు దగ్గర (వాల్వు అప్పుడే లేస్తున్నప్పుడు), ఒకటి 1 మి.మీ. దగ్గర కొలిచిన అంకెలైతే పోల్చి లాభం లేదు.

ఉన్న క్యామ్‌నే నాలుగు డిగ్రీలు ముందుకు తిప్పినా మూసుకోవడం 40 నుంచి 36కి వస్తుంది. క్యామ్ చైన్ ఉన్న బండైతే దానికి స్లాట్ కోసిన స్ప్రాకెట్ కావాలి. యూసీఈ బుల్లెట్‌లో క్యామ్‌లు తిరిగేది గేర్లతో, చైన్‌తో కాదు. పన్ను జరిపితే సరిపోతుందనుకోవద్దు. 34 పళ్ల క్యామ్ స్ప్రాకెట్‌లో ఒక్క పన్ను అంటే క్రాంక్ మీద 21 డిగ్రీలు. వాల్వు పిస్టన్‌కి తగిలే ప్రమాదం ఉంది.

బిగించే ముందు డిగ్రీ వీల్ (క్రాంక్ తిరిగిన కోణం చూపే చక్రం) పెట్టండి. టాప్ డెడ్ సెంటర్‌ని (పిస్టన్ పై చివరను) కంటితో కాకుండా పిస్టన్ స్టాపర్‌తో రెండు వైపులా తాకించి, మధ్య పాయింటు తీసుకోండి. పిస్టన్ మీద పిల్లలాడుకునే క్లే పెట్టి, దానికి నూనె రాసి, హెడ్ బిగించి, చేత్తో రెండు చుట్లు తిప్పండి. తర్వాత క్లే కోసి మందం కొలవండి. ఇన్‌టేక్ వైపు 2 మి.మీ., ఎగ్జాస్ట్ వైపు 2.5 మి.మీ. ఉంటే నిశ్చింత. ఎగ్జాస్ట్ వాల్వు బాగా వేడెక్కి సాగుతుంది కాబట్టి అటు ఎక్కువ వదలాలి. యూసీఈలో హైడ్రాలిక్ ట్యాపెట్ (నూనె ఒత్తిడితో పనిచేసేది) అణిగిపోయి క్లే కొలత తప్పు చూపిస్తుంది. పరీక్ష వరకు సాలిడ్ ట్యాపెట్ పెట్టాల్సిందే. లిఫ్ట్ పెంచితే ఇంకో రెండు చూడాలి. వాల్వు పూర్తిగా తెరుచుకున్నప్పుడు స్ప్రింగ్ చుట్లు ఒకదానికొకటి అతుక్కోకుండా కనీసం 1 మి.మీ. మిగలాలి, రిటైనర్ వెళ్లి గైడ్ సీల్‌ని కొట్టకూడదు.

లేత్ మీద గ్రైండ్ చేయించిన పాత క్యామ్ గురించి ఒక్క మాట. చౌకే, కానీ గట్టి పొర అరిగిపోతుంది, బేస్ సర్కిల్ (గుబ్బ కాని గుండ్రటి భాగం) చిన్నదవుతుంది, రాకర్ (వాల్వును నొక్కే చెయ్యి) కోణం మారుతుంది, ట్యాపెట్ స్క్రూ చివరిదాకా దిగిపోతుంది. అలాంటిది నేనైతే వేయను. కొత్త క్యామ్ మీద గుంటలు పడ్డ పాత రాకర్ కూడా వేయకండి, లోబును (గుబ్బను) తినేస్తుంది.

బిగించాక కార్బొరేటర్ జెట్ మార్చాలి. ఇంజెక్షన్ బండైతే పెట్రోలు ఎంత పోయాలో చెప్పే మ్యాప్ చేయించాలి. ఆక్సిజన్ సెన్సార్ కొంతవరకే సర్దుకుంటుంది, ఫుల్ థ్రాటిల్‌లో దాని మాట చెల్లదు. లోబులకు మాలిబ్డినం పేస్టు రాయండి, స్టార్ట్ చేశాక ఐడిల్‌లో వదలకండి. లోబుల మీదికి నూనె బాగా చేరేది ఇంజను తిరిగే కొద్దీ. స్క్రూ ట్యాపెట్లున్న బండి అయితే 500 కిలోమీటర్లకు చల్లగా ఉన్నప్పుడు మళ్లీ ఫీలర్ గేజ్ పెట్టి సరిచూడండి.

ఇంకో సంగతి. కంపెనీ స్పెసిఫికేషన్ మార్చడం మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ కిందికి వస్తుంది. 2019 సవరణ ప్రకారం ఒక్కో మార్పుకు 5000 రూపాయల జరిమానా, లేదా ఆరు నెలల వరకు జైలు, లేదా రెండూ పడొచ్చు. పని మొదలుపెట్టే ముందే బండాయనకు ఇది చెప్పండి. చెప్పేటప్పుడే కంప్రెషన్ గేజ్ కూడా పెట్టి చూడండి. అరిగిన రింగులతో, బిగుసుకున్న ట్యాపెట్లతో ఉన్న ఇంజనుకు క్యామ్ ఏం చేయదు. రింగులు బాగుండి, ఘాట్‌లో లాగుడు ఒక్కటే కావాలంటే, వెనక స్ప్రాకెట్ 42 పళ్లదైతే 44కి మార్చండి. చక్రం దగ్గర దాదాపు 5 శాతం లాగుడు పెరుగుతుంది, అదే స్పీడులో ఇంజను అంతే ఎక్కువ తిరుగుతుంది. అది చాలకపోతే అప్పుడు హెడ్ విప్పండి.