చెక్క రాకెట్ పోయాక టెన్నిస్

శ్రోతలకు నమస్కారం.

టెన్నిస్ ఏం మారిందని అడిగితే ఎక్కువమంది చెప్పే మాట ఒకటే, బంతి వేగం పెరిగిందని. అది అబద్ధం కాదు. కానీ వేగం మీదే చూపు నిలిపితే అసలు సంగతి మన కంటికి ఆనదు. చెక్క రాకెట్ నాటి ఆటకీ ఇవాళ్టి ఆటకీ మధ్య పెద్ద తేడా బంతి తిరుగుడులో ఉంది. ఆ తిరుగుడు ఆటగాణ్ణి కోర్టులో ఎక్కడికి నెట్టిందో, అందులో ఉంది. నెట్ దగ్గర సాగే ఆట కోర్టు చివరి గీత అయిన బేస్‌లైన్ వెనక్కి వెళ్ళిపోయింది. ఎలా వెళ్ళిందో ఈ పూట చెప్పుకుందాం.

ముందు ఆ రాకెట్ సంగతి. యాష్, బీచ్ లాంటి చెట్ల చెక్కను పల్చని పట్టీలుగా కోసి, వంచి, పొర మీద పొర జిగురుతో అతికించి దాన్ని చేసేవారు. బరువు ఇంచుమించు 400 గ్రాములు. తేమ తగిలితే వంకర పోయేది. అందుకే ఆట అవగానే నాలుగు మూలలా మరలున్న చట్రంలో బిగించి దాచేవారు. తీగలు పశువుల పేగుతో చేసిన గట్. ఇక తీగలు అల్లిన ముఖం వైశాల్యం 65 నుంచి 70 చదరపు అంగుళాలు. ఇవాళ్టి రాకెట్లలో అది 100 చదరపు అంగుళాలకు కాస్త అటూ ఇటూ ఉంటుంది.

ఈ చివరి అంకె దగ్గర కాసేపు ఆగాలి. చెక్క రాకెట్ నడిమధ్యలో ఒక చిన్న చోటుంది, బంతి అక్కడ తగిలితేనే దెబ్బ హాయిగా పడేది. రెండు వేళ్ళ వెడల్పు పక్కకు తగిలిందా, ఫ్రేము చేతిలోనే మెలి తిరిగేది, బంతి ఎటో పోయేది. అందుకని పూర్తి బలంతో కొట్టడానికి ఎవరూ సాహసించేవారు కాదు. భుజం నెట్ వైపు తిప్పి, బరువు ముందు కాలి మీదికి తెచ్చి, రాకెట్‌ను పొడుగ్గా, నెమ్మదిగా లాగి ఆడేవారు. బంతి కిందిభాగాన్ని కోసినట్టు కొట్టే స్లైస్ రోజువారీ దెబ్బ. చాలామంది ఫోర్‌హ్యాండ్‌కీ, బ్యాక్‌హ్యాండ్‌కీ, సర్వీసుకీ, బంతి నేలను తాకకముందే కొట్టే వాలీకీ పట్టు పెద్దగా మార్చేవారు కాదు.

దానికి తోడు పచ్చిక. 1974 దాకా నాలుగు గ్రాండ్ స్లామ్ పోటీల్లో మూడు పచ్చిక మీదే జరిగేవి. 1969లో ఆస్ట్రేలియా ఆటగాడు రాడ్ లేవర్ ఒకే ఏడాది నాలుగూ గెలిచింది అలాంటి కాలంలో. పచ్చిక మీద బంతి తక్కువ ఎత్తులో జారిపోతుంది, ఒక్కోసారి అడ్డంగా దొర్లుతుంది. నేలను తాకనిస్తే ఏమవుతుందో తెలియదు కాబట్టి గాలిలోనే అందుకోవడం మేలు. సర్వీసు చేయడం, నెట్ దగ్గరికి పరుగెత్తడం, వాలీ కొట్టడం. అది ఎవరి ఇష్టమో కాదు, నేలా రాకెట్టూ కలిసి పెట్టిన నియమం.

అయితే ఆ ఆటలో బలం లేనివాడికీ చోటుండేది. మన దేశపు ఆటగాడు రామనాథన్ కృష్ణన్ సర్వీసు చూసి ఎవరూ భయపడలేదు. కానీ బంతిని ఎక్కడ పెట్టాలో ఆయన చేతికి తెలుసు. ఆ చేతి నేర్పుతోనే 1960లో, మళ్ళీ 1961లో వింబుల్డన్ సెమీఫైనల్‌కు వెళ్ళారు. మొదటిసారి నీల్ ఫ్రేజర్ చేతిలో, రెండోసారి లేవర్ చేతిలో ఓడిపోయారు. ఓడించిన ఆ ఇద్దరే ఆయా ఏడాది టైటిల్ గెలిచారు.

చెక్కను మొదట కదిలించింది ఉక్కు. ఫ్రాన్స్ చాంపియన్ రెనే లకోస్త్ ఆలోచన నుంచి పుట్టిన ఉక్కు రాకెట్‌ను విల్సన్ సంస్థ 1967లో టీ2000 పేరుతో తెచ్చింది. జిమ్మీ కానర్స్ చేతిలో అది పేరు తెచ్చుకుంది. ఆట మారింది అక్కడి నుంచే అనేవాళ్ళున్నారు. నేను ఒప్పుకోను. దాని ముఖం కూడా చెక్క రాకెట్ అంతే చిన్నది. మారింది పదార్థం మాత్రమే.

అసలు మలుపు తిప్పినవాడు హోవర్డ్ హెడ్. మంచు మీద జారే లోహపు స్కీలు చేసి పేరు గడించిన ఇంజనీరు ఆయన. ఆ వ్యాపారం వదిలాక టెన్నిస్ నేర్చుకోబోతే, బంతి మధ్యలో తగలనప్పుడల్లా రాకెట్ చేతిలో తిరిగిపోయేది. మామూలు మనిషైతే నా చేతిలో పస లేదనుకుంటాడు. ఆయన ఇంజనీరు కాబట్టి ఫ్రేమును అనుమానించాడు. వెడల్పు పెంచితే మెలి తగ్గుతుందని లెక్క వేసి, 1976లో ప్రిన్స్ సంస్థ తరఫున 110 చదరపు అంగుళాల ముఖంతో అల్యూమినియం రాకెట్ తెచ్చాడు. అది వయసు మళ్ళినవాళ్ళకూ కొత్తగా నేర్చుకునేవాళ్ళకూ పనికొచ్చే వస్తువని పేరున్న ఆటగాళ్ళు పక్కన పెట్టారు. రెండేళ్ళకు, 1978లో, పదహారేళ్ళ పామ్ ష్రైవర్ ఆ పెద్ద రాకెట్‌తోనే యూఎస్ ఓపెన్ సెమీఫైనల్లో మార్టినా నవ్రతిలోవాను ఓడించి ఫైనల్‌కు చేరింది.

ఈ మధ్యలోనే ఇంకో విచిత్రం జరిగింది. 1977లో కొందరు స్పఘెటీ రాకెట్ అనేదాన్ని పట్టుకొచ్చారు. దానికి తీగలు రెండు వరుసలుగా ఉండేవి, మధ్యలో ప్లాస్టిక్ గొట్టాలు. బంతి తగలగానే తీగలు పక్కకు జరిగి, వెంటనే వెనక్కి వచ్చి బంతిని విపరీతంగా తిప్పేవి. మట్టి కోర్టుల మీద వరసగా గెలుస్తూ వచ్చిన గిలెర్మో విలాస్, ఆ రాకెట్ పట్టిన ఇలీ నస్టాసేతో ఆడుతూ ఇది ఆటే కాదని మధ్యలో వదిలేసి వెళ్ళిపోయాడు. అంతర్జాతీయ సమాఖ్య వెంటనే ఆ రాకెట్‌ను నిషేధించింది. అప్పుడు బయటపడిన సంగతి ఏమిటంటే, రాకెట్ ఎలా ఉండాలో చెప్పే మాట నియమాల్లో అప్పటిదాకా లేనే లేదు. ఆ నిర్వచనం ఆ తర్వాతే రాశారు. స్పఘెటీ తీగల సంగతి గుర్తుంచుకోండి, మళ్ళీ వస్తుంది.

1980 వింబుల్డన్ ఫైనల్లో బ్యోర్న్ బోర్గ్, జాన్ మెకన్రో ఇద్దరి చేతుల్లోనూ ఉన్నది చెక్కే. సెట్ సమమైనప్పుడు తేల్చే టైబ్రేక్ నాలుగో సెట్లో 18-16 దాకా సాగిన మ్యాచ్ అది. 1981 యూఎస్ ఓపెన్‌ను మెకన్రో చెక్క రాకెట్‌తోనే గెలిచాడు. 1983 వింబుల్డన్ గెలిచేనాటికి ఆయన చేతిలో కార్బన్ నారతో చేసిన గ్రాఫైట్ రాకెట్ ఉంది. అంత తొందరగా అయిపోయింది. బోర్గ్ 1991లో మోంటే కార్లోలో మళ్ళీ చెక్క రాకెట్‌తో దిగి, తొలి రౌండ్లోనే వరస సెట్లలో ఓడిపోయాడు. ఆట మానేసి ఏళ్ళు గడిచాయి కాబట్టి నెపమంతా రాకెట్ మీద వేయలేం. అయినా ఎదుటివాడి బంతి బరువును ఆ చిన్న ముఖం మోయలేకపోవడం కళ్ళకు కట్టింది.

బరువు అన్నది వేగం గురించి కాదు, టాప్‌స్పిన్ అనే ముందుకు దొర్లే తిరుగుడు గురించి. బంతిని తిన్నగా, బలంగా కొడితే ఎదుటి గీత లోపల పడటానికి దొరికే సందు బహు తక్కువ. కాస్త కిందికైతే నెట్, కాస్త పైకైతే అవుట్. అదే బంతిని కింది నుంచి పైకి రాస్తూ కొడితే ముందుకు దొర్లినట్టు తిరుగుతూ వెళుతుంది. అలా తిరిగే బంతిని గాలే కిందికి లాగుతుంది. నెట్ మీద ఎంతో ఎత్తున దాటి, చివర్లో చటుక్కున వంగి గీత లోపల దిగుతుంది. నేలను తాకాక మళ్ళీ భుజం ఎత్తుకు లేస్తుంది. అంటే ఎంత తిప్పగలిగితే అంత బలంగా కొట్టినా బంతి కోర్టు దాటదు.

మరి చెక్క కాలంలో అందరూ అలా ఎందుకు కొట్టలేదు? రాకెట్‌ను నిటారుగా పైకి లాగితే చిన్న ముఖంలో బంతికి చోటు చాలదు, ఫ్రేముకే తగులుతుంది. బోర్గ్ లాంటి కొద్దిమందే దాన్ని సాధించారు. అందుకోసం బోర్గ్ తీగలను 80 పౌండ్ల దాకా బిగించేవాడు. రాత్రిళ్ళు గదిలో వాటంతట అవే తెగిపోయేంత బిగువు అది. అలాంటి చేయీ కన్నూ కోటికొక్కరికి ఉంటాయి. ముఖం వెడల్పయ్యాక ఆ దెబ్బ నేర్చుకున్న ప్రతివాడిదీ అయింది. పట్టుకునే చేయి పిడి కిందివైపుకు జరిగింది. ఆటగాడు భుజం తిప్పే బదులు నెట్‌కు ఎదురుగా నిలబడి, నడుమూ తుంటీ తిప్పి కొట్టడం మొదలుపెట్టాడు. రెండు చేతుల బ్యాక్‌హ్యాండ్ ఇంచుమించు నియమమైపోయింది.

ఇక తీగలు. 1997లో ప్రపంచ ర్యాంకుల్లో 66వ స్థానంలో ఉన్న గుస్తావో కుయెర్తన్ ఫ్రెంచ్ ఓపెన్ గెలిచాడు. ఆయన రాకెట్‌లో లక్సిలాన్ అనే పాలియెస్టర్ తీగలు ఉన్నాయి. అవి గట్‌లా సాగవు, బంతికి అదనపు ఊపు ఇవ్వవు. మరి ఎందుకంత గిరాకీ? ఊపు ఇవ్వవు కాబట్టే ఆటగాడు ఎంత గట్టిగా విసిరినా బంతి చేయి దాటిపోదు. పైగా అవి నున్నగా ఉండి ఒకదాని మీద ఒకటి జారతాయి. బంతి తగలగానే పక్కకు జరిగి, బంతి వదలకముందే వెనక్కి వచ్చి దాన్ని ఇంకాస్త తిప్పుతాయి. 1977లో నిషేధించిన స్పఘెటీ రాకెట్ చేసిన పని కూడా ఇదే, కొంచెం మోతాదు తక్కువ. ఇరవై ఏళ్ళు తిరిగేసరికి అది నిబంధనల లోపలి నుంచే వచ్చింది. రఫెల్ నడాల్ ఫోర్‌హ్యాండ్ బంతి సగటున నిమిషానికి సుమారు 3,200 చుట్లు తిరిగేదని కొలిచారు.

నేల కూడా మారింది. యూఎస్ ఓపెన్ 1975లో మట్టికి, 1978లో గట్టి నేల అయిన హార్డ్ కోర్టుకు మారింది. ఆస్ట్రేలియన్ ఓపెన్ 1988లో పచ్చికను వదిలింది. వింబుల్డన్ పచ్చిక పచ్చికగానే ఉంది కానీ, 2001 పోటీలు ముగిశాక పూర్తిగా రైగ్రాస్ అనే గట్టి గడ్డికి మారారు. ఆ 2001 ఫైనల్ ఆడిన ఇవానిసెవిచ్, రాఫ్టర్ ఇద్దరూ నెట్ మీదికి దూకేవాళ్ళే. మరుసటి ఏడు ఫైనల్ ఆడిన హెవిట్, నల్బాండియన్ ఇద్దరూ బేస్‌లైన్ వదలనివాళ్ళు. పూర్వం పోటీలు ముగిసేసరికి సర్వీసు గీత నుంచి నెట్ దాకా గడ్డి అరిగి బాట పడేది. ఇప్పుడు అరిగేది బేస్‌లైన్ వెంబడే.

పసుపు బంతి, టైబ్రేక్, గీతల మీద ఎలక్ట్రానిక్ కన్ను లాంటివి చూసేవాళ్ళకు పెద్ద మార్పులే. ఆడే తీరును మాత్రం అవి అంతగా కదిలించలేదు.

ఇవాళ్టిది బలం ఆట, నేర్పు పోయింది అని పెద్దవాళ్ళు అంటుంటారు. అది అన్యాయమని నా అభిప్రాయం. నేర్పు మణికట్టు నుంచి పాదాలకు దిగింది. హార్డ్ కోర్టు మీద కాళ్ళు బార్లా చాపి జారుతూ, ఆ జారుడులోనే బంతిని లోతుగా తిరిగి పంపే నొవాక్ జొకోవిచ్‌ను చూడండి. అది చెక్క కాలంలో ఎవరూ ఊహించని విద్య.

పోయింది వేరొకటి. బోర్గ్ 1978, 1979, 1980 సంవత్సరాల్లో ఫ్రెంచ్ ఓపెన్ గెలిచిన కొన్ని వారాలకే వింబుల్డన్ గెలిచాడు. ప్యారిస్ మట్టి మీద వెనక నిలబడి గంటలకొద్దీ ఓపికగా ఆడినవాడు, లండన్ పచ్చిక మీద సర్వీసు వెంటే నెట్‌కు పరుగెత్తాడు. ఒకే మనిషి రెండు ఆటలు ఆడాడు. ఇప్పుడు ఒకే ఆటతో రెండు చోట్లా గెలవచ్చు. ఆ వైవిధ్యం తగ్గిపోవడం నాకు నిజంగా బాధ కలిగిస్తుంది.

ఐతే ఆటగాళ్ళు అంత వెనక్కి వెళ్ళడం వల్లే ముందు చోటు ఖాళీ అయింది. సర్వీసు అందుకోవడానికి దనీల్ మెద్వెదెవ్ బేస్‌లైన్‌కు ఎంతో వెనక నిలబడతాడు. 2023లో కార్లోస్ అల్కరాజ్ అదే కనిపెట్టి నెట్ దాటగానే పడిపోయే డ్రాప్ షాట్లు వేశాడు, సర్వీసు చేసి నెట్ మీదికి వెళ్ళాడు. మార్చిలో ఇండియన్ వెల్స్ ఫైనల్, జులైలో వింబుల్డన్ సెమీఫైనల్, రెండూ వరస సెట్లలో గెలిచాడు. సెప్టెంబరులో యూఎస్ ఓపెన్ సెమీఫైనల్లోనూ అదే ఎత్తు వేశాడు. మెద్వెదెవ్ నిలబడే చోటు మార్చుకోలేదు. అక్కణ్ణుంచే, నెట్ మీదికి వచ్చినవాడి పక్కనుంచి బంతులు దాటించి, నాలుగు సెట్లలో గెలిచాడు.

నమస్కారం.