ప్రత్తిపాడు బోర్డు చదివిన పిల్ల: గుంటూరులో రెండో తరగతి తల్లిదండ్రులతో చెప్పిన మాటలు

అమ్మలకీ, అయ్యలకీ, మనవల్ని వెంటబెట్టుకొచ్చిన అమ్మమ్మలకీ తాతయ్యలకీ నమస్కారం. ఒకపూట కూలి పోగొట్టుకుని మిర్చి యార్డు నుంచి వచ్చినవాళ్ళు మీలో ఉన్నారని తెలుసు. అందుకని నేరుగా సంగతికే వస్తాను. బడి తెరిచింది మొదలు దసరా సెలవుల దాకా, ఈ మొదటి సెమిస్టర్‌లో, మీ పిల్లలు ఏం నేర్చుకుంటారు? ఇంట్లో మీరు ఏం చేస్తే వాళ్ళకి తోడుగా ఉంటుంది? ఈ రెండే మాట్లాడతాను.

ముందు తెలుగు. ఒకటో తరగతిలో అక్షరాలు, గుణింతాలు అయ్యాయి. రెండో తరగతిలో అసలు కొండ ఒత్తులు. పెద్దవాళ్ళం మనం మర్చిపోయాం గానీ ఇది చాలా కష్టమైన పని. గ, డ, ద లాంటి అక్షరాలకి తలకట్టు తీసేసి కింద రాస్తే అదే ఒత్తు, పిల్లలు ఇట్టే పోల్చుకుంటారు. క, త, న, మ, య, ర, ల అలా కాదు. అక్షరానికీ దాని ఒత్తుకీ పోలిక దాదాపు ఉండదు. ఇప్పుడు చూడండి: అమ్మ, నాన్న, అక్క, అత్త, అయ్య, పిల్ల. బిడ్డ నోటికి మొట్టమొదట వచ్చే మాటలన్నీ ఆ ఒత్తులతోనే ఉన్నాయి. ఏడాది పిల్లప్పుడు పలికిన ‘అమ్మ’ను కాగితం మీద చదవాలంటే ఏడేళ్ళు రావాలి.

ఇంకో చిక్కుంది. మన ఊరి మాటే తీసుకుందాం, మిర్చి. రాసేటప్పుడు గుడి ‘ర’ మీద పెడతాం, పలికేటప్పుడు అది ‘చ’ తర్వాత వస్తుంది. అందుకే మా తరగతిలో సగంమంది మొదట ‘మిరిచ’ అని చదువుతారు. వాళ్ళు కళ్ళకి కనబడింది కనబడినట్టే చదివారు. అది మొద్దుతనం కాదు, దయచేసి అలా అనకండి. పైన ఉన్న గుర్తును కాసేపు నోట్లో ఆపుకుని, కింది అక్షరం కలిపాక పలకడం అలవాటు కావాలి. దానికి వారాలు పడుతుంది. ఈ వారాల్లో బడి మానిపిస్తే మాత్రం తర్వాత పూడ్చడం కష్టం. పెళ్ళిళ్ళకీ ఊళ్ళకీ తీసుకెళ్ళే ముందు ఒక్కసారి నాకు చెప్పండి, ఏ పాఠం నడుస్తుందో చెబుతాను.

ఇంట్లో ఏం చేయాలి? రోజుకి పది నిమిషాలు చదివించుకుని వినండి. అంతే. ‘మాకు చదువు రాదు కదా టీచర్’ అంటారు. మిరపకాయల తొడిమలు తీసే పనికి వెళ్ళే ఒకమ్మ ఉంది, అక్షరం రాదు. సాయంత్రం బియ్యం ఏరుకుంటూ కూతుర్ని పక్కన కూర్చోబెట్టుకుని చదవమంటుంది. పిల్ల తడబడితే ఆవిడ అనేది ఒకటే మాట: ‘నాకు తెలియలేదమ్మా, మళ్ళీ చెప్పు.’ పిల్ల వెనక్కెళ్ళి మళ్ళీ చదివి, తనే దిద్దుకుంటుంది. నేను తరగతిలో నలభైమందికి ఇవ్వలేనిది ఆవిడ ఒక్కదానికి ఇస్తోంది. చదువు వచ్చినవాళ్ళం మనం చేసే తప్పేంటంటే, పిల్ల ఆగిన మరుక్షణం మాట అందించేస్తాం. మనసులో ఐదు లెక్కపెట్టుకుని అప్పుడు అందించండి.

ఆ పిల్లే ఒకరోజు నా దగ్గరికి పరుగెత్తుకొచ్చింది. ‘టీచర్, మా అమ్మమ్మ వాళ్ళూరు పత్తిపాడు కదా, బస్సు మీద ప్రత్తిపాడు అని రాశారేంటి?’ అంది. బస్టాండులో తనంతట తను చదివింది. ‘ప’ కింద ర ఒత్తు చూసింది, ఊళ్ళో అందరూ పలికే మాటకీ రాసినదానికీ తేడా పట్టింది. నాకు ఆ సెమిస్టర్ పరీక్ష మార్కుల కన్నా ఆ ప్రశ్న ఎక్కువ.

వేగం గురించి కొందరు అడుగుతున్నారు. చిన్న తరగతుల పిల్లలకి చదవడం, లెక్కలు రావాలని కేంద్రం 2021లో మొదలుపెట్టిన కార్యక్రమం నిపుణ్ భారత్. దాని లక్ష్యాల్లో, రెండో తరగతి పూర్తయ్యేసరికి నిమిషానికి 45 నుంచి 60 మాటలు చదవాలని ఉంది. కానీ తెలుగులో ‘చదువుకుంటున్నారంట’ అన్నది ఒక్క మాట! గడియారం పట్టుకుని కూర్చోకండి. చదివింది అర్థమైందా, తిరిగి చెప్పగలుగుతుందా, అది చూడండి.

హోంవర్క్ ఎందుకివ్వరని కూడా అడుగుతున్నారు. కేంద్రం 2020లో తెచ్చిన స్కూల్ బ్యాగ్ విధానం రెండో తరగతి దాకా హోంవర్క్ వద్దనే చెప్పింది. నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో ఇచ్చేదాన్ని, ‘పలక’ పదిసార్లు రాయండి అని. ఒక పిల్లాడు రాస్తుంటే వెనక నిలబడి చూశాను. ముందు ‘ప’ పై నుంచి కిందకి పదిసార్లు దించాడు. తర్వాత పక్కన ‘ల’ వరస. ఆ తర్వాత ‘క’ వరస. పేజీ నిండింది, అందంగానే ఉంది. వాడు ‘పలక’ అన్న మాట ఒక్కసారి కూడా రాయలేదు. అన్నాళ్ళూ అలాంటి పేజీలకి ‘గుడ్’ పెట్టినందుకు నాకు బాధేసింది. ఆ రోజుతో మానేశాను.

లెక్కల్లో ఈ సెమిస్టర్‌కి ముఖ్యం పదులు, ఒకట్లు. 52లోంచి 27 తీసేయమంటే పిల్లలు 35 వేస్తారు. రెండులోంచి ఏడు పోదు కాబట్టి ఏడులోంచి రెండు తీసేస్తారు. వెంటనే తప్పు అనకండి, ‘ఎలా చేశావు నాన్నా?’ అని అడగండి. తర్వాత ఐదు పదిరూపాయల నోట్లు, రెండు రూపాయి బిళ్ళలు చేతిలో పెట్టి, 27 రూపాయలు కొట్టువాడికి ఇమ్మనండి. ఇవ్వలేడు. ఒక నోటుకి చిల్లర మార్చాలి. అప్పుడు నాలుగు నోట్లు, పన్నెండు బిళ్ళలు. బోర్డు మీద మేం ‘పక్కింట్లో పది అప్పు తెచ్చుకో’ అనేది ఇదే. చేత్తో ఒకసారి మార్చిన పిల్లాడికి ఆ మాట మంత్రంలా ఉండదు. బ్రాడీపేట మీదుగా వెళ్తున్నప్పుడు 4/14 అన్న బోర్డు చూపించి, నాలుగో లైను, పద్నాలుగో అడ్డరోడ్డు అని చెప్పండి. అంకెలు ఊరంతా ఉన్నాయి.

అంకెలు తెలుగులో కూడా లెక్కపెట్టించండి. ఇంగ్లీషు మీడియం కదా, తెలుగులో చెబితే పాడవుతారేమో అనుకోవద్దు. పదమూడు అంటే పదీ మూడూ అని మాటలోనే వినబడుతుంది. ‘థర్టీన్’, ‘థర్టీ’ మాత్రం పిల్లలకి ఒకేలా వినిపించి కలిసిపోతాయి. లెక్కల పుస్తకంలో ఒక పేజీ ఇంగ్లీషు, ఎదుటి పేజీ తెలుగు అందుకే ఉన్నాయి. తెలుగు పేజీ మీరు చదివి చెప్పండి. విషయం అర్థమైన పిల్లకి ఇంగ్లీషు మాట నేను నేర్పుకుంటాను.

పరిసరాల గురించి ఇవాళ ఎక్కువ చెప్పను. వంటింట్లో, పెరట్లో మీరు చేసే పనులు పిల్లల్ని చూడనివ్వండి, అడిగితే జవాబివ్వండి.

మీ పిల్లల నోట్‌బుక్కులు వాళ్ళు రోజూ కూర్చునే చోటే పెట్టాం. వెళ్ళి అక్కడే కూర్చుని తిరగేయండి. తప్పుల దగ్గర ఎర్ర సిరాతో కొట్టలేదు, పెన్సిల్‌తో చిన్న చుక్క పెట్టాను. చుక్క దగ్గర ఎందుకలా రాసిందో మీ పిల్లనే అడగండి, పక్కనే ఉంటుంది. భోజనాల బెల్లు కొట్టే దాకా నేనూ ఇక్కడే ఉంటాను.